ముక్కుతూ మూలుగుతూ: ఇది జంటపదమా, రెండు వేరు వేరు మాటలా?

నిద్రలేని నాన్న:
గ్రూపులో అందరికీ నమస్కారం. మా ఇంట్లో నెల కూడా నిండని బుడ్డోడు ఉన్నాడండీ, రాత్రి రెండు దాటిందంటే చాలు మొహం కందగడ్డలా చేసుకుని, కాళ్లు కడుపులోకి ముడుచుకుని, ఊఁ ఊఁ అని ఒకటే శబ్దాలు, వొళ్లంతా మెలికలు తిరుగుతాడు, కళ్లు మాత్రం తెరవడు. మా అత్తగారేమో "ముక్కుతున్నాడు బాబూ, ఏం కాదు, నువ్వెళ్లి పడుకో" అంటారు. మా అమ్మ అదే శబ్దం ఫోన్లో విని "మూలుగుతున్నాడేంట్రా, కడుపులో నులిపెడుతోందేమో, కాస్త వాము నీళ్లు పట్టండి" అంటుంది. ఒకే శబ్దానికి ఇద్దరూ రెండు మాటలు. నేనైతే ఈ రెంటినీ కలిపి ఆఫీసులో పని తెమల్చనివాళ్ల మీదే వాడాను ఇన్నాళ్లూ, "ఫైలు ముక్కుతూ మూలుగుతూ ఇచ్చాడు" అని. అసలు వీటికి తేడా ఉందా, లేక కాఫీ గీఫీ లాగా రెండోది ఊరికే తోకా?

వ్యాకరణం మాస్టారు:
తోక కాదండీ. గీఫీకి విడిగా అర్థం లేదు, మూలుగుకి ఉంది. ముక్కడం అంటే ఊపిరి బిగబట్టి, పొట్ట బిగించి, కిందకి బలం పెట్టడం. శబ్దం వస్తే రావచ్చు, ముఖ్యం మాత్రం బలం పెట్టడమే. మూలగడం అంటే బాధకి గొంతులోంచి వచ్చే శబ్దం, అక్కడ బలం సంగతే లేదు. మూలిగే నక్క మీద తాటిపండు పడింది అంటాం, ముక్కే నక్క అనం కదా. మొదటిది ప్రయత్నం, రెండోది బాధ. బద్ధకస్తుడు పని చేసేటప్పుడు రెండూ నటిస్తాడు కాబట్టి రెండూ కలిపి అతనికి అంటగట్టారు, అంతే.
ఇంకో సంగతి, ముక్కిపోయిన బియ్యంలో ముక్కుకీ దీనికీ అర్థంలో సంబంధం లేదు. అలాగే గోదాముల్లో ధాన్యం మూలుగుతోంది, బ్యాంకులో డబ్బు మూలుగుతోంది అన్నప్పుడు ధాన్యానికి నొప్పేమీ లేదు, కదలకుండా పడుందని.

మదరాసు తెలుగు:
మా ఇంట్లో తెలుగే గానీ వీధిలో అంతా తమిళం. వాళ్లకీ అచ్చంగా ఇదే జంట ఉంది, ముక్కి మునగి అంటారు, అర్థం కూడా అదే, కష్టపడి ఎలాగోలా చేశాడని. ముక్కు అనే క్రియ అయితే రెండు భాషల్లోనూ ఒకటే, కాబట్టి పాత మాటే అయ్యుంటుంది.

పాలమూరోడు:
మా దిక్కు బర్రె ఈనేటప్పుడు ముక్కుతది అంటం, జరమొచ్చినోడు మూల్గుతడు అంటం. ఒకదాని జాగల ఇంకోటి ఎవ్వరూ అనరు. ఇండ్ల డౌటేముందో నాకైతే సమజ్ కాలే.

లేబర్ రూమ్ అక్క:
ఈ పోస్టు చూసి ఆగలేకపోయాను. మా డ్యూటీలో పొద్దస్తమానం అరిచేది ఈ ఒక్క మాటే, "నొప్పి వచ్చింది, ఇప్పుడు ముక్కమ్మా, గట్టిగా ముక్కు, ఆఁ చాలు, ఇప్పుడు ముక్కకు, ఊపిరి తీస్కో". అక్కడ ఇంకో మాట పనికిరాదు, మా డాక్టరుగారు ఇంట్లో ఎంత ఇంగ్లీషు మాట్లాడినా అక్కడికొచ్చాక ముక్కు అనే అంటారు. తల్లి ముక్కి కంటుంది, తర్వాత నెల తిరక్కుండానే ఆ బిడ్డ ముక్కడం మొదలుపెడతాడు, మాట అదే, పని కూడా దాదాపు అదే.
పసివాడు ఎందుకు ముక్కుతాడంటే, దొడ్డికి వెళ్లాలంటే రెండు పనులు ఒకేసారి జరగాలి, పైనుంచి పొట్ట బిగించాలి, కింద కండరం వదలాలి. మనకి అది అలవాటై తెలీదు గానీ పుట్టినోడికి ఆ రెండూ కలిపి చెయ్యడం ఇంకా రాదు, పైన తోస్తాడు, కింద కూడా బిగిస్తాడు, అందుకే ఎర్రబడిపోయి ఒక్కోసారి పది నిమిషాలూ ఆ పైనా ముక్కి, ఏడిచి, చివరికి చూస్తే మెత్తగానే వెళ్తాడు. మెత్తగా వస్తే అది మలబద్ధకం కాదు, మందు అక్కర్లేదు, కొన్ని వారాలకి వాడే నేర్చుకుంటాడు. తొమ్మిది నెలల లోపు పిల్లల్లో డాక్టర్లు దీనికి ఇన్ఫెంట్ డిస్కీజియా అని పేరు పెట్టారు, మీ అత్తగారు ఒక్క క్రియలో చెప్పేశారు.
నిద్రలో చప్పుళ్లయితే ఇంకో కథ. పుట్టిన పిల్లల నిద్రలో దాదాపు సగం కలల నిద్రే, అందులో కళ్లు మూసుకునే మెలికలు తిరుగుతారు, నవ్వుతారు, సన్నగా ఏడుస్తారు, చప్పరిస్తారు. పైగా వాళ్లు ఎక్కువగా ముక్కుతోనే గాలి పీలుస్తారు, ఆ దారి సన్నం, పిసరంత చీమిడి ఉన్నా గురగురమంటుంది. ఊపిరి కూడా గబగబా తీసి, కొన్ని సెకన్లు ఆపి, మళ్లీ తీస్తారు. చప్పుడు రాగానే ఎత్తేసుకుంటే నిద్రపోతున్నోణ్ణి మనమే లేపినట్టు. కాసేపు చూడండి, నిజంగా లేచి ఏడిస్తే అప్పుడు ఎత్తుకోండి.

నిద్రలేని నాన్న:
అక్కా, రోజూ ఆ తప్పే, ఊఁ అనగానే ఎత్తేస్తున్నాం. అయితే మా అమ్మ అన్న మూలుగు తప్పు మాటా?

లేబర్ రూమ్ అక్క:
మాట తప్పు కాదు, మీవాడికి అది వర్తించదు. ఇక్కడే అందరూ జాగ్రత్తగా వినాలి, ఈ గ్రూపులో మాటల కోసం కొట్టుకుంటారు కదా, ఇది నిజంగా కొట్టుకోవాల్సిన చోటు. పసిబిడ్డ మూలగడం అని ఆసుపత్రిలో అన్నామంటే అది ప్రమాద సూచన. ఊపిరితిత్తుల్లో తేడా వచ్చినప్పుడు బిడ్డ గాలి వదిలేటప్పుడు గొంతు సగం మూసి వదులుతుంది, లోపలి గాలి గదులు ముడుచుకుపోకుండా ఆపుకోడానికి, ఆ వదిలే ప్రతిసారీ మ్ మ్ అని సన్నగా శబ్దం. ముక్కడం వచ్చి పోతుంది, గ్యాసో దొడ్డో పోయాక ఆగిపోతుంది. ఆ మూలుగు ఊపిరి ఊపిరికీ ఉంటుంది, ఆగదు. దాంతోపాటు డొక్కలు ఎగరేయడం, ముక్కుపుటాలు అదరడం, పెదాలు నీలంగా అవడం, నిమిషానికి 60, ఆ పైన ఊపిర్లు (నిద్రలో ఉన్నప్పుడు నిండా ఒక నిమిషం లెక్కపెట్టాలి, పదిహేను సెకన్లు చూసి నాలుగుతో గుణించకండి, పసిపిల్లల ఊపిరి సమంగా ఉండదు), పాలు తాగకపోవడం, ఇవేవి ఉన్నా అర్ధరాత్రయినా బయల్దేరాలి. మూడు నెలల లోపు బిడ్డకి జ్వరం 100.4 ఫారన్‌హీట్ గానీ ఆ పైన గానీ ఉన్నా, ఆకుపచ్చ వాంతి అయినా, పొట్ట గట్టిగా ఉబ్బిపోయినా అంతే.
ఇంగ్లీషులో రెండింటికీ గ్రంటింగ్ అనే రాసేస్తారు, చదివినవాళ్లు హడలిపోతారు. మనకి రెండు మాటలున్నాయి, రాత్రిపూట డాక్టరుకి ఫోన్ చేసినప్పుడు ఏది జరుగుతోందో ఆ మాటే చెప్పండి.

పల్నాటి పిల్ల:
మా వైపు పెద్దవాళ్లు డొక్కలెగరేస్తున్నాడు అనే మాట ఒక్కటి వింటే చాలు, చేతిలో పని వదిలేసి పరిగెత్తేవాళ్లు, ముక్కుతున్నాడంటే తల కూడా తిప్పేవాళ్లు కాదు. సరేగానీ నులిపెట్టడం గురించి ఎవరూ మాట్లాడలేదే?

వ్యాకరణం మాస్టారు:
మంచి మాట. నులి అంటే మెలి. నులక మంచానికి అల్లేది మెలితిప్పిన తాడే కదా, చెవి నులమడం కూడా అదే. కడుపులో పేగు మెలిపెట్టినట్టు వచ్చే నొప్పి నులినొప్పి. గ్రైప్ వాటర్‌లో గ్రైప్ కూడా అలాంటిదే, కడుపులో పట్టి పిండినట్టు నొప్పి. మన ఇళ్లలో ఎంత కలిసిపోయిందంటే సగం మంది అది గ్రేప్ వాటర్, ద్రాక్ష నీళ్లనుకుంటారు.

లేబర్ రూమ్ అక్క:
1851లో ఇంగ్లాండులో నాటింగ్‌హామ్‌లో విలియం వుడ్‌వర్డ్ అనే మందుల షాపాయన తయారుచేశాడు దాన్ని. సోయకూర గింజల నూనె, సోడా, కాస్త ఆల్కహాలు కూడా. ఆల్కహాలు పోశాక పిల్లాడు నిద్రపోక ఏం చేస్తాడు! ఇప్పుడు వచ్చేవాటిల్లో తీసేశారనుకోండి. అయినా ఆర్నెల్లదాకా తల్లిపాలు తప్ప చుక్క నీళ్లు కూడా వద్దు, వాము నీళ్లు అయినా, గ్రైప్ వాటర్ అయినా, తేనె అయితే ఏడాది నిండేదాకా నాలుకకి కూడా రాయొద్దు.

పాలమూరోడు:
మరి ఉగ్గు? ఉగ్గుపాలతోటి నేర్చిండు అంటరు గద, గా మాట ఎట్ల పోతది?

లేబర్ రూమ్ అక్క:
మాట ఉంచుకోండి తమ్ముడూ, గిన్నె మాత్రం అటక మీద పెట్టండి. వస కొమ్ము అరగదీసి నాకిస్తే మాటలొస్తాయంటారు, వాగుడుకాయల్ని వస పోశారా అని అడుగుతాం, అదీ అంతే, సామెతకి బాగుంది గానీ పిల్లాడి నోట్లో వద్దు.

పల్నాటి పిల్ల:
అక్కా, తమలపాకు తొడిమకి ఆముదం రాసి పెట్టడం? మా ఇంట్లో ఇప్పటికీ పిల్లాడు ముక్కితే మొదట తమలపాకే వెతుకుతారు.

లేబర్ రూమ్ అక్క:
వద్దమ్మా. ఒకటి, లోపల గీరుకుపోతుంది, చాలా పల్చని చర్మం. రెండు, రోజూ తొడిమ పెట్టి తెప్పిస్తే వాడు తనంతట తను కింద వదలడం నేర్చుకునే పనే ఆలస్యమవుతుంది. ఆకుని వెచ్చచేసి పొట్ట మీద వేస్తారు చూడండి, అది మరీ వేడి లేకపోతే నష్టమేం లేదు గానీ చెయ్యి వెచ్చచేసుకుని బొడ్డు చుట్టూ గడియారం ముల్లు తిరిగే వైపు నెమ్మదిగా రాసినా సరిపోతుంది. రెండు కాళ్లూ పట్టుకుని సైకిలు తొక్కినట్టు ఆడించండి. పాలు పట్టేటప్పుడు మధ్యలో ఒకసారి, అయ్యాక ఒకసారి భుజాన వేసుకుని వీపు నిమరండి, తేన్పు వస్తే వచ్చింది, రాకపోతే గంటసేపు బాదక్కర్లేదు. మెలకువగా ఉన్నప్పుడు మీ గుండెల మీద బోర్లా పడుకోబెట్టుకోండి, గ్యాసు కదులుతుంది. నిద్రకి మాత్రం ఎప్పుడూ వెల్లకిలే, బోర్లా పడుకుంటే గాఢంగా నిద్రపోతాడని ఎవరు చెప్పినా వినొద్దు.
బాలింత పప్పు తింటే పిల్లాడికి గ్యాస్ అని పథ్యం పెట్టి ఆ అమ్మాయిని ఎండగట్టకండి కూడా. తల్లి పేగులో గ్యాసు పాలల్లోకి రాదు.

మదరాసు తెలుగు:
తేన్పా, త్రేన్పా, తేపా?

పాలమూరోడు:
మేం తేపు అంటం. పుల్లటి తేపులు అని. పోరడు ఏడిస్తే ఊకుంచుడు, మీరేమో ఊరుకోబెట్టడం అంటరు.

వ్యాకరణం మాస్టారు:
పుస్తకాల్లో త్రేన్పు, త్రేపు రెండూ ఉన్నాయి. నాలుక తిరగని ర మధ్యలో జారిపోయి కొందరికి తేన్పు, కొందరికి తేపు మిగిలాయి. అందరివీ ఒప్పే.

నిద్రలేని నాన్న:
అమ్మకి ఈ దారం మొత్తం చదివి వినిపించాను. "మీ అత్తగారి మాటే నెగ్గిందన్నమాట" అంది, వాము డబ్బా అయితే లోపల పెట్టేసింది. ఆఖరి డౌట్ మాస్టారూ, నేను పైన మూలుగుతున్నాడు అని రాశాను, మీరు మూలగడం అని రాశారు. లు నా ల నా, ఏది కరెక్టు?

వ్యాకరణం మాస్టారు:
రెండూ. పెరుగుతున్నాడు, పెరగడం. తిరుగుతున్నాడు, తిరగడం. అలాగే మూలుగుతున్నాడు, మూలగడం. మూలుగడం అని మాత్రం రాయకండి. ముక్కుకి ఆ గొడవ లేదు, ముక్కుతున్నాడు, ముక్కడం, ముక్కాడు, ఎక్కడా మారదు.