లంకెబిందె లేకుండా పిల్లల సాహస నవల నిలబడదా?

తిరుపతి చదువరి (చర్చను ప్రారంభించినవారు):
పది నుంచి పదమూడేళ్ల పిల్లల కోసం మన ప్రాంతపు రచయిత ఒకరు రాసిన సాహస నవల రాతప్రతిని మా పుస్తక బృందంలో కొందరం చదివాం. కథ చంద్రగిరిలో జరుగుతుంది. వేసవి సెలవుల్లో నలుగురు పిల్లలకు అటక మీద ఒక తాళపత్రం దొరుకుతుంది. అందులోని పద్యాన్ని పట్టుకుని వాళ్లు అమావాస్య రాత్రి ఇంట్లో చెప్పకుండా కోటలోకి వెళ్లి, రాణీమహల్ వెనుక తవ్వి, వరహాలు నిండిన లంకెబిందెను బయటికి తీస్తారు. అదే నిధి కోసం వచ్చిన దొంగల ముఠాను పోలీసులకు పట్టిస్తారు కూడా. కథనంలో ఎక్కడా విసుగు లేదు. అయితే గుప్తనిధుల పేరు చెప్పి పాత గుళ్లను కుళ్లబొడుస్తున్న రాయలసీమలో, పిల్లల చేత తవ్వించి, తవ్వినందుకు బంగారం చూపించే కథను అచ్చు వేయడం తగునా అన్న విషయంలో మాలో ఏకాభిప్రాయం కుదరలేదు. రచయిత కూడా ఇక్కడ ఉన్నారు కాబట్టి, నిర్మొహమాటంగా, మర్యాదగా చర్చించవలసిందిగా కోరుతున్నాను.

రాతప్రతి రచయిత:
చందమామ 1947లో మొదలైన నాటి నుంచి మన పిల్లలు ధారావాహికలలో మాంత్రికుల గుహల్లోకి, పాడుబడిన కోటల్లోకి వెళ్లి వస్తూనే ఉన్నారు. ఆ కథలు చదివి ఎవరూ మాంత్రికులు కాలేదు. ఈ వయసు పాఠకుడికి కావలసినదల్లా పెద్దల చేయి పట్టుకోకుండా తానే ఒక పని పూర్తి చేశానన్న తృప్తి. అడుగడుగునా అమ్మానాన్నల అనుమతి తీసుకునే కథానాయకుడితో రెండో పేజీ దాటలేం. తెలుగులో ఈ వయసుకు మనం ఎక్కువగా ఇస్తున్నవి నీతికథలూ మహనీయుల జీవితాలూ. ఉత్కంఠ కావాలనుకున్న పిల్లవాడు ఇంగ్లీషు పుస్తకాల అరవైపు వెళ్లిపోతున్నాడు. నా నవలలో పిల్లలు నిధిని తమ దగ్గర ఉంచుకోరు, చివరి అధ్యాయంలో కలెక్టరు గారికి అప్పగిస్తారు. ఇంతకన్నా జాగ్రత్త పడితే అది నవలగా మిగలదు.

చంద్రగిరి ఉపాధ్యాయుడు:
మాంత్రికుడి గుహకు బస్సు లేదు; చంద్రగిరికి తిరుపతి నుంచి ఎప్పుడూ ఉంటుంది. పాఠశాల విహారయాత్రలో పిల్లలు రాజమహల్‌లోని పురావస్తు ప్రదర్శనశాలను చూసి, రాణీమహల్ చుట్టూ తిరిగి వస్తారు. రచయిత గారు ఊరి పేరు, మహలు పేరు, తవ్విన చోటు సహా చెప్పినప్పుడు కథకూ నేలకూ మధ్య ఉండవలసిన దూరం తగ్గిపోతుంది.

అంతకన్నా నన్ను కలవరపెట్టింది మరొకటి. అంజనం వేసి నిధి జాడ చెబుతామనే దొంగస్వాములు, అమావాస్య ముహూర్తం, ఎవరికీ చెప్పరాదన్న ఒట్టు, నంది విగ్రహం కింద బంగారం ఉందన్న నమ్మకంతో దాన్ని పగలగొట్టడం: ఇదంతా మన పల్లెలకు తెలిసిన వరుసే. రాతప్రతిలోని పిల్లలు అంజనం ఒక్కటి వదిలి మిగతా వరుసనంతా పాటిస్తారు. దొంగలకూ వాళ్లకూ తేడా మంచి మనసు మాత్రమే అయితే, తవ్వకం తప్పు కాదు, తవ్వినవాడు మంచివాడైతే చాలు అన్న అర్థం వస్తుంది.

ఇక నవలగా చూసినా లోపం అక్కడే ఉంది. మూడో అధ్యాయంలో పద్యం విడిపోయాక పిల్లలు బుర్రకు పని చెప్పరు, గడ్డపారకే చెబుతారు. ఆధారం మొదటి నుంచీ నా కళ్లముందే ఉంది, నేనే గమనించలేదు అని పాఠకుడు నాలుక కరుచుకోవడంలోనే అపరాధ పరిశోధన కథల ఆనందం ఉంటుంది. గోతిలో కుండ దొరికితే ఆ ఆనందం కలగదు. ఉదాహరణకు, రాజమహల్‌ను రాయి, ఇటుక, సున్నంతో కట్టారు. కట్టడంలో కలప వాడలేదు. నిధిని మహలులోని టేకు దూలం పైన దాచామని చెప్పే పాత ఉత్తరం ఒకటి కథలో ప్రవేశించిందనుకోండి. పెద్దలందరూ దాన్ని నమ్మి పరుగులు తీస్తుంటే, విహారయాత్రలో పైకప్పు వైపు తలెత్తి చూసిన ఒక పిల్ల మాత్రం అది నకిలీ ఉత్తరమని చెప్పగలదు. అప్పుడు ఆ ఉత్తరాన్ని ఎవరు రాశారు, ఎందుకు రాశారు అన్నది నిజమైన చిక్కుముడి అవుతుంది. మన పిల్లలు మరోసారి కోటకు వెళ్లినప్పుడు కాళ్లకింద నేలను కాక పైకప్పును చూస్తారు.

తవ్వకమే కావాలంటే ఏర్పేడు మండలంలోని గుడిమల్లం ఉంది. 1973లో పురావస్తు శాఖ అక్కడి పరశురామేశ్వరాలయంలో పొరపొరగా తవ్వి, చాలా ప్రాచీనమైన ఇటుక కట్టడపు ఆనవాళ్లను బయటపెట్టింది. ఒక కుండపెంకు ఏ పొరలో దొరికిందో గుర్తించి దాని కాలాన్ని అంచనా వేయడంలో ఉన్న ఉత్కంఠను మన రచయితలు ఇంకా వాడుకోలేదు. అర్ధరాత్రి గడ్డపార వేసినవాడు ముందుగా నాశనం చేసేది ఆ పొరలనే.

చిత్తూరు న్యాయవాది:
కలెక్టరుకు అప్పగించడంతో అంతా చక్కబడుతుందన్న రచయిత గారి మాటకు చిన్న సవరణ. 1878 నాటి నిధుల చట్టం ప్రకారం, నేలలో దాగి ఉన్నది పది రూపాయలకు మించిన విలువైనదైతే, దొరికినవారు కలెక్టరుకు లిఖితపూర్వకంగా తెలియజేయాలి. కానీ చంద్రగిరి కోట కేంద్ర రక్షిత కట్టడం. అక్కడ అనుమతి లేకుండా తవ్వడమే 1958 నాటి ప్రాచీన కట్టడాల చట్టం కింద నేరం. కాబట్టి చివరి అధ్యాయంలో కలెక్టరు గారు పిల్లల భుజం తట్టడానికి బదులు ముందు కొన్ని ఇబ్బందికరమైన ప్రశ్నలు అడగవలసి వస్తుంది.

అయినా చట్టాన్ని కథకు శత్రువుగా చూడనవసరం లేదు. నిధికి యజమాని లేడని తేలి, భూమి మరొకరిదైతే, ప్రభుత్వం దాన్ని స్వాధీనం చేసుకోని పక్షంలో, వేరే ఒప్పందం ఏదీ లేకుంటే, దొరికినవారికి నాలుగింట మూడు వంతులు, భూయజమానికి ఒక వంతు దక్కే ఏర్పాటు 1878 చట్టంలోనే ఉంది. దొరికింది ఎవరికి, భూమి ఎవరిది అన్న తగాదాలో ఒక నవలకు సరిపడా అబద్ధాలు పుడతాయని నా వృత్తి అనుభవంతో చెప్పగలను. బావి పూడిక తీస్తుండగా కుండ బయటపడినట్టు రాస్తే పిల్లలు నేరం చేయనవసరం ఉండదు.

ఆరో తరగతి అమ్మాయి తల్లి:
పెద్దలందరూ గమనించని సంగతి ఒకటి ఉంది. రాతప్రతిలో ఇద్దరు అబ్బాయిలు తవ్వుతుంటే ఇద్దరు అమ్మాయిలు టార్చి పట్టుకుని నిలబడతారు. నిధి సంగతి తర్వాత తేల్చుకోవచ్చు, ముందు దాన్ని మార్చండి. అక్షరాలు పెద్దవిగా వేసి, మొదట్లో ఒక పటం కూడా ఇస్తే మంచిది.

గ్రంథాలయ ఉద్యోగిని:
మన ప్రాంతంలో నిజంగా దొరికిన నిధి ఏదని అడిగితే నేను తిరుమల రాగిరేకుల పేరు చెబుతాను. అన్నమాచార్యుల సంకీర్తనలు చెక్కిన ఆ రేకులు ఆలయంలోని సంకీర్తన భాండారం అనే రాతి అరలో శతాబ్దాల పాటు ఉండిపోయాయి. ఇరవయ్యో శతాబ్దపు తొలి దశాబ్దాలలో గానీ పండితుల దృష్టికి రాలేదు. సాధు సుబ్రహ్మణ్యశాస్త్రి, వేటూరి ప్రభాకరశాస్త్రి వంటివారు వాటిని చదివి పరిష్కరించారు. ఎవరూ నేలను తవ్వలేదు. అందరూ నడిచే దారి పక్కనే ఉన్నదాన్ని చదవగలిగినవారు చదివారు. పిల్లల నవలకు ఇంతకన్నా మంచి బీజం నాకు కనబడదు.

అడవి సాహసం కావాలనుకునేవారికి పొరుగున కడప జిల్లాలో కలివికోడి ఉదంతం ఉంది. 1900 తర్వాత కనబడక అంతరించిందనుకున్న ఆ పక్షి 1986లో లంకమల ప్రాంతంలో, రాత్రిపూట, ఒక స్థానిక పిట్టలవేటగాడి చేతికి చిక్కింది. శాస్త్రజ్ఞులు వెదికిన పక్షిని దాని అలవాట్లు తెలిసిన మనిషి పట్టుకున్నాడు.

రాతప్రతి రచయిత:
దూలం ఆలోచన నాకు నచ్చింది. ఉపాధ్యాయుల వారు అనుమతిస్తే వాడుకుంటాను. అమ్మాయిల చేతికి టార్చి బదులు తాళపత్రాన్ని ఇస్తాను, పద్యాన్ని విడదీసేది వాళ్లే అవుతారు. రాగిరేకుల విషయంలో మాత్రం ఒక సందేహం ఉంది. అర తెరిస్తే పాటలు బయటపడ్డాయంటే పెద్దలకు ఒళ్లు పులకరిస్తుంది గానీ, పదకొండేళ్ల పిల్లవాడు ఇంతేనా అంటాడు. అక్కడ ప్రమాదం ఉండాలి. కథలోని ముఠాకు చదువు రాదు, వాళ్ల దృష్టిలో అవి తూకానికి అమ్ముకునే రాగి. కరిగించేలోగా పిల్లలు ఆచూకీ పట్టుకోవాలి అని పెడితే గడియారం మోగుతూనే ఉంటుంది. అప్పుడు లంకెబిందె అక్కరలేదని ఒప్పుకుంటాను. కానీ రాత్రిని వదులుకోను. పగటిపూట టికెట్టు కొని కోటలోకి వెళ్లే సాహసాన్ని నేను రాయలేను.

చంద్రగిరి ఉపాధ్యాయుడు:
దూలాన్ని నిరభ్యంతరంగా వాడుకోండి. రాత్రి ఉండనివ్వండి, కోట లోపల వద్దు. మూలస్థానమ్మ గుడి దగ్గరో, ఊరి రైలు స్టేషనులోనో, రాగి కరిగించే కొలిమి ఉన్న పాత పెంకుటింట్లోనో మీ ముఠాను పట్టుకోండి, పిల్లలు ఎంత భయపడినా నాకు అభ్యంతరం లేదు. గోడ దూకి రాణీమహల్ వెనక్కి వెళ్లే అధ్యాయం అలాగే ఉంటే మాత్రం, దొరికింది వరహాలైనా రాగిరేకులైనా, మా పాఠశాల గ్రంథాలయానికి ఆ పుస్తకాన్ని నేను సిఫారసు చేయను.