కాలేజీ టెన్నిస్ ఆడిన అమ్మాయి అమెరికాలో ఉమెన్స్ హెడ్ కోచ్ కావాలంటే దారి ఏంటి?

డాలస్_శ్రీలత
మా చెల్లెలి కూతురు డివిజన్ 1 (కాలేజీ ఆటల్లో పై స్థాయి) కాలేజీలో సింగిల్స్ నాలుగు, ఐదు స్థానాల్లో ఆడింది. ఈ మేలో డిగ్రీ అయిపోతుంది. ఎఫ్-1 (స్టూడెంట్) వీసా. ప్రో టూర్ వద్దంటోంది, ఉమెన్స్ టీమ్‌కి హెడ్ కోచ్ కావాలట. నంబర్ వన్‌గా ఆడనివాళ్లకి ఈ ఉద్యోగాలు ఇస్తారా? ఎక్కడ మొదలుపెట్టాలి?

కోర్ట్_సైడ్
ఇస్తారు శ్రీలత గారూ. ఆడిన స్థానాన్ని మొదటి ఉద్యోగానికి చూస్తారేమో గానీ, ఆ తర్వాత అడిగేది ఒకటే: ఎవరెవర్ని రిక్రూట్ చేశావు?

పెద్ద పేర్లలో సొంత కాలేజీకే కోచ్ అయినవాళ్లు ఎక్కువ. పీట్ సాంప్రాస్ అక్క స్టెల్లా యూసీఎల్ఏలో ఆడి, అక్కడే హెడ్ కోచ్‌గా 2008, 2014లో ఎన్‌సీఏఏ (అమెరికా కాలేజీ క్రీడల సంఘం) టైటిళ్లు గెలిపించింది. అమాండా ఆగస్టస్ బర్క్‌లీలో 1998, 1999 డబుల్స్ చాంపియన్, 2007 నుంచి అక్కడే కోచ్. స్టాన్‌ఫర్డ్‌లో లీలీ ఫరూద్ కూడా అక్కడ ఆడినావిడే. ఏళ్ల తరబడి అసిస్టెంట్‌గా ఉన్నాకే 2000లో హెడ్ కోచ్ అయింది.

మామూలు మెట్లు ఇవీ: గ్రాడ్యుయేట్ అసిస్టెంట్ (మాస్టర్స్ చదువుతూ కోచ్‌కి సాయపడే ఉద్యోగం), ఫుల్‌టైమ్ అసిస్టెంట్, అసోసియేట్ హెడ్ కోచ్, ఆ తర్వాత ఏ డివిజన్ 2, 3 కాలేజీలోనో హెడ్ కోచ్. డివిజన్ 3లో ఆట పేరుతో స్కాలర్‌షిప్ ఉండదు, అడ్మిషన్స్ ఆఫీసుతో కలిసి పనిచేయడం రావాలి. మొదటి రెండేళ్లు రాకెట్లకి తీగలు బిగించడం, వ్యాన్ బుక్ చేయడం, వీడియో కట్ చేయడం, ప్రత్యర్థి టీమ్ నోట్స్ రాయడం. బాల్ ఫీడింగ్ ఒక్కటే వస్తే అక్కడే ఉండిపోతారు.

నో_యాడ్_పాయింట్
పైన చెప్పిందానికి మ్యాచ్ రోజు సంగతి కలుపుతాను. ఇంటర్వ్యూలో ఇక్కడే దొరికిపోతారు.

ముందు మూడు డబుల్స్, ఒక్కొక్కటి ఆరు గేమ్‌ల సెట్. రెండు గెలిచిన టీమ్‌కి ఒక పాయింట్. తర్వాత ఆరు సింగిల్స్, ఒక్కోదానికి ఒక పాయింట్. నాలుగు ముందు కొట్టినవాళ్లది మ్యాచ్. డ్యూస్ (40-40) దగ్గర ఒకే పాయింట్, ఏ వైపు నుంచి ఆడాలో రిసీవర్ ఎంచుకుంటుంది. కాబట్టి ప్రాక్టీసులో 40-40 నుంచి మొదలుపెట్టి ఆడించాలి. రెండో సర్వ్ వణికే అమ్మాయి ఎవరో అక్కడే బయటపడుతుంది.

కొత్త కోచ్‌లు చేసే పొరపాటు: అందరూ టీమ్‌లో మేటి ప్లేయర్ ఆడే ఒకటో కోర్టు దగ్గర గుమిగూడతారు. అక్కడి అమ్మాయికి కోచ్ అవసరం అంతగా ఉండదు. 3-3 దగ్గర మ్యాచ్‌ని తేల్చేది చాలాసార్లు నాలుగు, ఐదు, ఆరు కోర్టులే. మీ అమ్మాయి ఆడింది అక్కడే కాబట్టి, దరఖాస్తులో ఆ మాట గట్టిగా రాయమనండి.

లైనప్ బలం క్రమంలోనే ఉండాలి. గెలుపు కోసం మంచి ప్లేయర్‌ని కిందికి దించితే కుదరదు, ఎదుటి కోచ్ ఫిర్యాదు చేస్తాడు. ప్రాక్టీస్ మ్యాచ్ స్కోర్లు తేదీలతో రాసిపెట్టుకుంటే చూపించడానికి ఆధారం ఉంటుంది. అయిదుగురే ఫిట్‌గా ఉంటే, ఆడలేని అమ్మాయి కింద ఉన్నవాళ్లంతా ఒక మెట్టు పైకి జరుగుతారు, ఆరో సింగిల్స్ ఎదుటివాళ్లకి ఉచితం. మూడో డబుల్స్ కూడా పోతుంది.

ఐ20_మూర్తి
వీసా ముక్క నేను చెప్తాను. ఓపీటీ, అంటే చదువయ్యాక అమెరికాలో పనిచేసే అనుమతి, 12 నెలలు. చదువు ముగిసే తేదీకి 90 రోజుల ముందు నుంచి, ముగిశాక 60 రోజుల లోపు అప్లై చేయాలి. మొత్తం మీద 90 రోజులకు మించి ఉద్యోగం లేకుండా ఉండకూడదు. ఉద్యోగం చదివిన సబ్జెక్టుకి సంబంధించిందై ఉండాలి. కినీషియాలజీ (శరీర కదలికల శాస్త్రం), స్పోర్ట్స్ మేనేజ్‌మెంట్ అయితే సులువు. అకౌంటింగ్ డిగ్రీతో టెన్నిస్ కోచింగ్ అంటే సమర్థించుకోవడం కష్టం.

అందుకే స్పోర్ట్స్ మేనేజ్‌మెంట్ మాస్టర్స్‌తో పాటు గ్రాడ్యుయేట్ అసిస్టెంట్‌షిప్ మేలు. పై స్థాయి డిగ్రీకి మళ్లీ ఓపీటీ వస్తుంది. కానీ క్లాసులు జరిగే రోజుల్లో క్యాంపస్ ఉద్యోగం వారానికి 20 గంటలే. ప్రయాణాలు ఎక్కువుండే మార్చి, ఏప్రిల్‌లలో గంటలు దాటిపోతాయి, లెక్క రాసుకోవాలి.

యూనివర్సిటీ వేసే హెచ్-1బీకి (ఉద్యోగ వీసాకి) లాటరీ లేదు. ప్రైవేట్ అకాడమీకి మారితే మాత్రం లాటరీయే. చిన్న కాలేజీల్లో జీతం ప్రివెయిలింగ్ వేజ్‌కి (ఆ ఉద్యోగానికి ఆ ప్రాంతంలో ఉండే మామూలు జీతానికి) తగ్గితే పిటిషన్ వేయలేరు. ఫలానా డిగ్రీ తప్పనిసరి అని ఉద్యోగ ప్రకటనలో లేకపోయినా ప్రశ్నలు వస్తాయి. ఆఫర్ ఒప్పుకునే ముందే హెచ్ఆర్‌ని ఈ రెండూ అడగాలి.

డాలస్_శ్రీలత
చాలా థ్యాంక్స్ అండీ. రిక్రూటింగ్ అనుభవం లేని పిల్ల ఇంటర్వ్యూకి ఏం పట్టుకెళ్లాలి?

కోర్ట్_సైడ్
ఒక పేజీ రోస్టర్ (టీమ్ సభ్యుల జాబితా) ప్లాన్. హౌస్ సెటిల్‌మెంట్‌లో (ఎన్‌సీఏఏ మీద వేసిన కేసులో కుదిరిన ఒప్పందంలో) చేరిన కాలేజీలకి 2025-26 నుంచి టీమ్‌కి పదిమందే పరిమితి. అంతకుముందు మహిళల టీమ్‌కి ఎనిమిది ఫుల్ స్కాలర్‌షిప్‌లుండేవి. ఆ కాలేజీ వెబ్‌సైట్‌లో ఉన్న పేర్లని ఇయర్ వారీగా రాసి, ఎవరు ఎప్పుడు వెళ్లిపోతారో చూపించాలి. ఒకే బ్యాచ్‌లో అయిదుగురుంటే ఆ మేలో సగం టీమ్ ఖాళీ. ఖాళీ అయ్యే స్థానాలకి ఏ యూటీఆర్ (టెన్నిస్ ఆటగాళ్ల స్థాయి చెప్పే రేటింగ్) వాళ్లు కావాలో పక్కన రాయాలి. పదకొండో తరగతికి వెళ్లబోయే అమ్మాయిలతో జూన్ 15కి ముందు మాట్లాడటానికి లేదన్నది కూడా తెలిసి ఉండాలి.

మన పిల్లకి ఇంకో బలముంది. హైదరాబాద్ అమ్మాయి సహజ యమలపల్లి శామ్ హ్యూస్టన్ స్టేట్‌లో ఆడింది కదా, అలాంటి జూనియర్ల ఇళ్లకి ఫోన్ చేసి తల్లిదండ్రులతో తెలుగులో మాట్లాడగలదు. టెన్త్, ఇంటర్ మెమోలు ముందే తెప్పించడం ఎందుకు ముఖ్యమో కూడా చెప్పగలదు. ప్లేయర్ల అర్హత తేల్చే ఎన్‌సీఏఏ ఎలిజిబిలిటీ సెంటర్‌లో ఆ కాగితాల దగ్గరే ఆలస్యమవుతుంది. ఆ ప్లాన్‌లో ఇదొక లైన్ పెట్టమనండి.