కరెన్సీ ట్రేడింగ్‌కు మెషీన్ లెర్నింగ్ బాట్: ఉద్యోగం మానేసి చేయదగ్గ పనేనా?

మధురవాడ_అక్క

అందరికీ నమస్కారం. మా తమ్ముడు రుషికొండ దగ్గర ఒక కంపెనీలో డేటా ఎనలిస్ట్. పైథాన్ బాగా వచ్చు. రాత్రిళ్లు కూర్చుని, యూరో-డాలర్ జంటను దానంతట అదే కొని అమ్మే ప్రోగ్రాం రాశాడు. ఎల్ఎస్‌టీఎం అనే న్యూరల్ నెట్‌వర్క్ తర్వాతి గంట రేటు చెబుతుందట. స్క్రీన్ మీద అసలు రేటు గీత, మోడల్ చెప్పిన గీత ఒకదాని మీద ఒకటి పడ్డట్టే ఉన్నాయి. ఇప్పుడు ఉద్యోగం మానేసి, పీఎఫ్ డబ్బు తీసి ఇందులో పెడతానంటున్నాడు. నాన్నకు నిద్ర లేదు. వద్దనాలన్నా, సరే అనాలన్నా వాడికి నచ్చే కారణం కావాలి. ఊరికే 'జూదం' అంటే వాడు వినడు, వినక్కర్లేదు కూడా. అంత కష్టపడి రాశాడు. ఈ పని తెలిసినవాళ్లు చెప్పండి.

గాజువాక_ఆల్గో

అక్కా, జూదం అనే మాట ఎవరన్నా నేను ఒప్పుకోను. 2025 ఏప్రిల్‌లో అంతర్జాతీయ పరిష్కారాల బ్యాంకు, అదే బీఐఎస్, వేసిన లెక్క ప్రకారం ప్రపంచ కరెన్సీ మార్కెట్లో రోజుకు 9.6 లక్షల కోట్ల డాలర్లు చేతులు మారుతున్నాయి. అందులో చాలా పని కంప్యూటర్లే చేస్తున్నాయి. మన దగ్గర కూడా సెబీ 2024 సెప్టెంబరులో ఇచ్చిన నివేదిక చూడండి. అది షేర్ల ఫ్యూచర్స్, ఆప్షన్స్ గురించి, అంటే ముందు తేదీకి ధర కుదుర్చుకునే ఒప్పందాల గురించి. 2021-22 నుంచి 2023-24 వరకు మూడేళ్లలో విడి ట్రేడర్లలో 93 శాతం మంది నష్టపోయారు. అదే నివేదికలో విదేశీ సంస్థల లాభాల్లో 97 శాతం, బ్రోకింగ్ సంస్థల సొంత ఖాతాల లాభాల్లో 96 శాతం ఆల్గోల ద్వారానే, అంటే తమంతట తామే కొని అమ్మే ప్రోగ్రాంల ద్వారానే వచ్చాయని ఉంది. చేత్తో ఆర్డర్లు వేసేవాడు పోగొట్టుకుంటున్నాడు, మెషీన్ సంపాదిస్తోంది. మీ తమ్ముడు నేర్చుకున్నది సరైన విద్యే. ఉద్యోగం సంగతి తర్వాత చూసుకోవచ్చు, బాట్ మాత్రం ఆపొద్దని చెప్పండి.

ఏయూ_స్టాట్స్

గాజువాక గారూ, ఆ 97 శాతం వెనక ఉన్న ఆల్గోలు వేరే జాతివి. ఎక్స్ఛేంజ్ పక్కనే సర్వర్లు పెట్టుకుని, కొనే ధర, అమ్మే ధర రెండూ ఇస్తూ మధ్య తేడా తీసుకునేవి, రెండు మార్కెట్ల మధ్య ధర తేడాను రెప్పపాటులో పట్టుకునేవి అందులో చాలా ఉంటాయి. లాప్‌టాప్‌లో కూర్చుని రేటు పైకా కిందికా అని ఊహించే ప్రోగ్రాం వాటి వరసలోకి రాదు. రెండిటినీ 'ఆల్గో' అంటున్నాం కాబట్టి ఆ లాభం ఈ కుర్రాడికీ వస్తుందనుకోవడం అన్యాయం.

అమ్మా, ఇక ఆ ఒకదాని మీద ఒకటి పడ్డ గీతల గురించి. అవే నన్ను ఎక్కువ భయపెడుతున్నాయి. ఇప్పుడు 1.0850 ఉన్న రేటు గంట తర్వాత 1.0856 అవుతుంది, లేదా 1.0843 అవుతుంది. కాబట్టి 'తర్వాతి గంట కూడా ఇప్పుడున్న రేటే' అని గుడ్డిగా చెప్పేసినా రెండు గీతలూ కలిసిపోయినట్టే కనిపిస్తాయి. ధరల మీద నేర్పించిన ఎల్ఎస్‌టీఎం చాలాసార్లు నేర్చుకునేది ఇంతే: ఒక అడుగు వెనక్కి జరిపిన పాత ధర. గ్రాఫును బాగా పెద్దది చేసి చూడమనండి. మోడల్ గీత అసలు గీత కంటే సరిగ్గా ఒక క్యాండిల్, అంటే ఇక్కడ ఒక గంట, ఆలస్యంగా మలుపు తిరుగుతుంటే అది ఊహ కాదు, నకలు. రేటును పక్కనపెట్టి రేటులోని మార్పును మాత్రమే తీసుకుని, మోడల్ చెప్పిన మార్పుకూ అసలు మార్పుకూ పొంతన ఎంత ఉందో చూడమనండి. అసలు పరీక్ష అదే.

ఇంకోటి కూడా చూసుకోమనండి. డేటాను సున్నా నుంచి ఒకటి మధ్యకు కుదించేటప్పుడు కనిష్ఠం, గరిష్ఠం మొత్తం డేటా నుంచి తీసుకుంటే, భవిష్యత్తులో రాబోయే గరిష్ఠం ట్రైనింగ్ దశలోనే మోడల్‌కు తెలిసిపోయినట్టు. ట్రైనింగ్ భాగం నుంచే తీసుకోవాలి. అలాగే మొత్తం కాలాన్ని కలిపి షఫుల్ చేసి, అంటే వరస చెదరగొట్టి, ట్రైన్, టెస్ట్‌గా విడదీయడం కాలంతో నడిచే డేటాకు పనికిరాదు. కొంత కాలం మీద నేర్పడం, దాని తర్వాతి ముక్క మీద పరీక్షించడం, మళ్లీ ముందుకు జరగడం, ఇలా చెయ్యాలి.

మీజ్, రోగాఫ్ అనే ఇద్దరు ఆర్థికవేత్తలు 1983లోనే చూపించారు: వడ్డీలు, డబ్బు సరఫరా, వాణిజ్య లోటు అన్నీ పెట్టి కట్టిన మోడళ్లు కూడా 'రేటు ఎక్కడుందో అక్కడే ఉంటుంది' అన్న అంచనాను స్వల్పకాలంలో ఓడించలేకపోయాయి. ఆ తర్వాత పద్ధతులు చాలా మారాయి. ఆ గోడ మాత్రం ఇంకా ఎత్తుగానే ఉంది.

ఎంవీపీ_కాలనీ

లెక్కల కంటే ముందు చట్టం. భారత్‌లో ఉండేవాళ్లు విదేశీ ఆన్‌లైన్ ప్లాట్‌ఫాంలలో మార్జిన్ మీద, అంటే కొంత డబ్బే కట్టి పెద్ద మొత్తానికి, ఫారెక్స్ ట్రేడ్ చేయడానికి విదేశీ మారక చట్టం ఫెమా ఒప్పుకోదు. విడి వ్యక్తులు విదేశాలకు డబ్బు పంపే ఎల్ఆర్ఎస్ పథకం కింద పంపిన డబ్బును కూడా దానికి వాడకూడదు. రిజర్వ్ బ్యాంకు 2022 సెప్టెంబరు నుంచి అనుమతి లేని ప్లాట్‌ఫాంల అలర్ట్ లిస్ట్ పెట్టి, పెంచుతూ వస్తోంది. ఫెమా ఉల్లంఘనకు జరిమానా ఆ మొత్తానికి మూడు రెట్ల దాకా వెళ్లొచ్చు. మీ తమ్ముడి బాట్ ఏ బ్రోకర్ దగ్గర నడుస్తుందో ఈరోజే అడగండి. మెటాట్రేడర్ అనే ట్రేడింగ్ సాఫ్ట్‌వేర్ పేరు చెబితే మాత్రం ఇంకా గట్టిగా అడగండి. సాఫ్ట్‌వేర్‌లో తప్పు లేదు, దాని వెనకున్న బ్రోకర్ ఎవరన్నదే ప్రశ్న.

ఇక్కడి ఎక్స్ఛేంజ్‌లో చేద్దామంటే, రూపాయి ఉన్న జంటలకు 2024 మే 3 నుంచి అసలైన విదేశీ మారక అవసరం ఉండి తీరాలి. 10 కోట్ల డాలర్ల వరకు కాగితాలు చూపించక్కర్లేదు, కానీ అవసరం మాత్రం నిజంగా ఉండాలి. ఆ రూల్ తర్వాత అక్కడ వ్యాపారం బాగా పడిపోయింది. ఎన్ఎస్ఈలో యూరో-డాలర్ ఫ్యూచర్స్ 2018 నుంచి ఉన్నాయి గానీ, ఆర్డర్లు చాలా పలుచగా ఉంటాయి.

మధురవాడ_అక్క

ఈ ఐడీ నుంచే తమ్ముణ్ని రాస్తున్నాను. అక్క చూపించింది, అన్నీ చదివాను. ఏయూ సార్, నేను ధర మీద నేర్పలేదు, గంట గంటకూ వచ్చే మార్పు మీదే నేర్పాను. అక్క చూసింది ఆ మార్పులన్నీ మళ్లీ కలిపి గీసిన గ్రాఫ్. షఫుల్ చేయలేదు, మీరు చెప్పినట్టే ముందుకు జరుపుతూ పరీక్షించాను. దిశ 53 శాతం సరిగ్గా వస్తోంది. మోడల్‌కు గట్టి నమ్మకం ఉన్నప్పుడు మాత్రమే ట్రేడ్ వేస్తే 57 శాతం. 53 శాతం చిన్నదే, నాకూ తెలుసు. కానీ వేలసార్లు ఆడితే అది డబ్బు కాదా?

బ్రోకర్ గురించి: ఇప్పటిదాకా డెమో ఖాతాయే. అసలు డబ్బు పెట్టలేదు.

ఏయూ_స్టాట్స్

బాబూ, పని చాలా శ్రద్ధగా చేశావు. కాబట్టి నీతో అంకెల్లోనే మాట్లాడతాను.

గంటకు సగటున 10 పిప్స్ కదులుతుందనుకుందాం (పిప్ అంటే రేటులో 0.0001). సరిగ్గా చెప్పినప్పుడు 10 వస్తాయి, తప్పినప్పుడు 10 పోతాయి. 53 శాతం మీద ఒక్కో ట్రేడుకు మిగిలేది 5.3 లోంచి 4.7 తీస్తే 0.6 పిప్. స్ప్రెడ్ (కొనే, అమ్మే ధరల మధ్య తేడా), స్లిప్పేజ్ (అనుకున్న ధరకూ దొరికిన ధరకూ తేడా) కలిపి ఒకసారి కొని అమ్మడానికి 1 పిప్ పోతుందనుకో. అప్పుడు ప్రతి ట్రేడుకూ 0.4 పిప్ నష్టం, వేలసార్లు ఆడితే వేలసార్లు నష్టం. ఖర్చు దాటాలంటేనే 55 శాతం కావాలి. నీ బ్యాక్‌టెస్ట్‌లో, అంటే పాత డేటా మీద నడిపిన పరీక్షలో, స్ప్రెడ్‌ను ఒకే అంకెగా పెట్టావా, ఏ నిమిషానికి ఆ నిమిషం తీసుకున్నావా? అమెరికా ఉద్యోగాల లెక్కలు వచ్చే నిమిషంలో, న్యూయార్క్ ముగిసి రోజు మారే సమయంలో స్ప్రెడ్ ఎన్నో రెట్లు విచ్చుకుంటుంది. మోడల్‌కు 'గట్టి నమ్మకం' వచ్చే సమయాలు కూడా తరచూ అవే.

ఇక 57 శాతం. అవి ఎన్ని ట్రేడ్లు? 200 అనుకుందాం. 200 ట్రేడ్లకు ప్రామాణిక దోషం, అంటే అదృష్టం వల్లే అంకె అటూ ఇటూ ఊగే మేర, మూడున్నర శాతం. అంటే నీ 57, అసలు 53 అయినా 60 అయినా ఆశ్చర్యం లేదు. 55 అనే గీతకు పైన ఉన్నావో కింద ఉన్నావో ఆ డేటా చెప్పలేదు. 57కూ 55కూ తేడా నమ్మకంగా తెలియాలంటే దాదాపు 2,500 ట్రేడ్లు కావాలి. ఏడాదికి 200 పడితే పన్నెండేళ్ల పైమాటే. ఆ పన్నెండేళ్లలో మార్కెట్ ఒకే తీరున ఉండదు. ఇంకా, ఆ 'గట్టి నమ్మకం' హద్దును 0.6, 0.65, 0.7 అంటూ ఎన్నిసార్లు మార్చి చూశావు? పనికిరాని 200 వ్యూహాలను ఐదు శాతం హద్దుతో పరీక్షిస్తే ఓ పది కేవలం అదృష్టం మీదే బాగా కనిపిస్తాయి. వాటిలో ఒకటి చేతికొస్తే మనిషి దాన్ని వదలలేడు.

గాజువాక_ఆల్గో

సార్, మీ లెక్కంతా దిశ మీదే ఉంది. దిశ చెప్పలేకపోయినా ఒడిదుడుకుల పరిమాణం చెప్పొచ్చు కదా. ఇవాళ గట్టిగా ఊగిన మార్కెట్ రేపూ ఊగుతుంది, ఇది ఎంగిల్ 1982 నుంచీ లెక్కల్లో ఉన్న సంగతే, 2003లో ఆయనకు నోబెల్ కూడా వచ్చింది. దాన్నిబట్టి పొజిషన్, అంటే పెట్టే మొత్తం, పెంచుకుంటూ తగ్గించుకుంటూ పోయే బాట్ మనిషి కంటే క్రమశిక్షణగా ఉంటుంది. తక్కువ వడ్డీ కరెన్సీలో అప్పు తీసుకుని ఎక్కువ వడ్డీ కరెన్సీలో పెట్టే క్యారీ ట్రేడ్ దశాబ్దాలుగా లాభమిచ్చిందని పరిశోధనలే ఉన్నాయి. అన్నిటికీ ప్రామాణిక దోషం చూపించి ఆపేస్తే మన ఊళ్లో ఎవరూ ఏదీ మొదలుపెట్టరు. పన్నెండేళ్లు ఆగాలనడం సలహా కాదు. చిన్న మొత్తంతో మొదలుపెట్టమనండి.

ఏయూ_స్టాట్స్

ఒడిదుడుకుల విషయంలో మీతో ఏకీభవిస్తాను. ఈ మొత్తం రంగంలో మెషీన్ లెర్నింగ్‌కు నికరమైన పని ఉన్నది అక్కడే. క్యారీ మాత్రం మెల్లగా ఇచ్చి ఒక్కసారిగా గుంజుకుంటుంది. 2024 జులై 31న జపాన్ కేంద్ర బ్యాంకు వడ్డీ పెంచాక యెన్ అప్పులు తీర్చడానికి అందరూ ఒకేసారి పరుగెత్తారు, ఆగస్టు 5న టోక్యో నిక్కీ ఒక్క రోజులో 12 శాతానికి పైగా పడింది. స్విట్జర్లాండ్ కేంద్ర బ్యాంకు 2015 జనవరి 15న యూరోకు 1.20 ఫ్రాంకులు అనే కనీస హద్దు ఎత్తేసినప్పుడు, ఇంత నష్టానికి దానంతట అదే అమ్మేయమనే స్టాప్‌లాస్ పెట్టుకున్నవాళ్లకు ఆ ధర దొరకనే లేదు. ఎఫ్ఎక్స్‌సీఎం అనే ఫారెక్స్ బ్రోకర్ ఖాతాదారులు తిరిగి ఆ బ్రోకర్‌కే 22.5 కోట్ల డాలర్లు బాకీ పడ్డారు. అంతకు ముందు మూడేళ్ల డేటా మీద నేర్చిన ఏ మోడలైనా 1.20 దగ్గర నేల ఉందనే నేర్చుకుని ఉంటుంది.

రూపాయి కూడా అంతే. 2024లో ఎక్కువ కాలం 83, 84 మధ్యే ఉంది, రిజర్వ్ బ్యాంకు డాలర్లు కొంటూ అమ్ముతూ ఉంది కాబట్టి. 2025 ఫిబ్రవరికి 87 దాటింది. ఎంత కొనాలి, ఎంత అమ్మాలి అన్న రిజర్వ్ బ్యాంకు నిర్ణయం ధరల డేటాలో ముందుగా కనిపించేది కాదు.

హార్బర్_అకౌంట్స్

నేను రొయ్యల ఎగుమతి సంస్థలో అకౌంట్స్ చూస్తాను. మీ చర్చలో మా వైపు ఎవరూ లేరు కాబట్టి రాస్తున్నాను. విశాఖలో డాలర్ రేటు గురించి నిజంగా భయపడే వాళ్లం మేమే.

సరుకు కంటైనర్ ఎక్కాక కొనుగోలుదారు డబ్బు రావడానికి రెండు మూడు నెలలు. ఈలోగా రేటు ఎటు పోతుందో తెలియదు, అందుకని బ్యాంకులో ఫార్వర్డ్ బుక్ చేస్తాం, అంటే రాబోయే డాలర్లకు రేటు ఇప్పుడే ఖాయం చేసుకుంటాం. అమెరికా కంటే మన వడ్డీలు ఎక్కువ కాబట్టి ఎగుమతిదారుకు ఫార్వర్డ్‌లో కొంత ప్రీమియం కూడా వస్తుంది. మాకు అసలు ఇబ్బంది రేటుతో కాదు, ఆ డాలర్లు ఎప్పుడు, ఎన్ని వస్తాయో తెలియకపోవడంతో. అమెరికాలో ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ వాళ్లు యాంటీబయాటిక్ పరీక్షకు కంటైనర్ ఆపితే డబ్బు ఆలస్యం. 2025 ఆగస్టు 27 నుంచి అమెరికా సుంకం 50 శాతానికి చేర్చినప్పుడు ఇక్కడి ఎగుమతిదారుల ఆర్డర్లే తారుమారయ్యాయి. రాని డాలర్లకు ఫార్వర్డ్ ఉంటే దాన్ని రద్దు చేసుకోవాలి, రేటు పెరిగి ఉంటే తేడా మన జేబులోంచే. అప్పుడు రక్షణ కోసం చేసిన హెడ్జ్ కాస్తా రేటు మీద పందెం లాంటి స్పెక్యులేషన్ అయిపోయినట్టే.

బాబూ, యూరో-డాలర్ డేటా నీ దగ్గరున్నదే లండన్‌లో ఉన్న పెద్ద బ్యాంకు దగ్గరా ఉంది, నీకంటే ముందు, నీకంటే ఎక్కువ ఉంది. మా దగ్గరున్న డేటా మాత్రం ప్రపంచంలో ఇంకెవరి దగ్గరా లేదు: ఏ కొనుగోలుదారు ఎన్ని రోజులకు కడతాడు, ఏ సైజు రొయ్యకు ఏ నెలలో కోత పెడతాడు, ఏ పోర్టులో ఎన్ని రోజులు ఆగుతుంది. అదంతా ఎక్సెల్‌లో పడి ఉంది. ఎవరైనా దాన్నిబట్టి 'వచ్చే నెల రావాల్సిన దాంట్లో కచ్చితంగా ఇంత వస్తుంది, దీనికే ఫార్వర్డ్ చెయ్యండి' అని చెప్పగలిగితే మాలాంటి సంస్థలు జీతమిచ్చి పెట్టుకుంటాయి. నువ్వు నేర్చిన పైథాన్ అదే, ముందుకు జరుపుతూ పరీక్షించే పద్ధతీ అదే.

గాజువాక_ఆల్గో

అకౌంట్స్ గారూ, మీ మాట మంచిదే, కానీ అది ఇంకో ఉద్యోగం. ఈ కుర్రాడు ఉద్యోగం నుంచి బయటపడి తన కాళ్ల మీద నిలబడాలనుకుంటున్నాడు. ఆ కోరికకు మీ ఎక్సెల్ సమాధానం కాదు. విదేశీ బ్రోకర్ వద్దు, పీఎఫ్ ముట్టుకోవద్దు, ఈ రెండూ నేనూ ఒప్పుకుంటాను. ఇక్కడి బ్రోకర్ ఏపీఐతో, అంటే ప్రోగ్రాం నేరుగా ఆర్డర్లు పంపే దారితో, షేర్ల మార్కెట్లో చట్టబద్ధంగా ఆల్గో నడపొచ్చు. సెబీ 2025 ఫిబ్రవరి 4న విడి ట్రేడర్ల ఆల్గోలకు నిబంధనలే ఇచ్చింది. ఉద్యోగం చేస్తూ చిన్నగా అక్కడ మొదలుపెట్టడంలో తప్పేముంది?

ఏయూ_స్టాట్స్

తప్పేం లేదు. కానీ పైన మీరే చెప్పిన 93 శాతం మంది నష్టపోయింది కూడా ఇక్కడి చట్టబద్ధమైన మార్కెట్లోనే.

మధురవాడ_అక్క

మళ్లీ తమ్ముణ్ని. రాజీనామా ఇంకా ఇవ్వలేదు, ఇప్పుడే ఇవ్వను. స్ప్రెడ్‌ను ఒకే అంకెగా పెట్టాను సార్, నిమిషం నిమిషం డేటా దింపుకుని మళ్లీ నడుపుతాను. ట్రేడ్లు 240. గాజువాక అన్న చెప్పినట్టు దిశ వదిలేసి ఒడిదుడుకుల మీద కూడా ఒక మోడల్ కడతాను. అకౌంట్స్ గారూ, మీరు చెప్పిన చెల్లింపుల వివరాలు ఎన్నేళ్లవి ఉన్నాయి? కొనుగోలుదారుల పేర్లు తీసేసి ఇవ్వగలరా?

హార్బర్_అకౌంట్స్

2016 నుంచి ఉన్నాయి. షిప్పింగ్ బిల్లు తేదీ, బ్యాంకులో డబ్బు పడిన తేదీ, ఇన్‌వాయిస్ మొత్తం, అందిన మొత్తం. పేర్ల బదులు నంబర్లు పెట్టి ఇవ్వొచ్చు, మా ఎండీ గారు ఒప్పుకోవాలి. సోమవారం అడుగుతాను. 2020లో కొన్ని నెలలు మాత్రం ఖాళీగా ఉంటాయి, ముందే చెబుతున్నాను.