చేపల షాపుల డాష్‌బోర్డు: మావయ్య చూడట్లేదు, అత్తయ్య తప్పుగా చదువుతోంది

అడిగింది: హార్బర్‌కుర్రాడు

మావయ్యకి వైజాగ్‌లో మూడు చేపల షాపులు: ఎంవీపీ కాలనీ, అక్కయ్యపాలెం, గాజువాక. తెల్లారకుండానే హార్బర్‌కెళ్లి వేలంలో సరుకు పాడి, తెచ్చి, శుభ్రం చేసి అమ్ముతాం. బిల్లింగ్ మెషీన్ లెక్కలన్నీ ఎక్సెల్‌లోకి తీసి లుకర్ స్టూడియోలో (లెక్కల్ని చార్టులుగా చూపే గూగుల్ టూల్) డాష్‌బోర్డు, అంటే అన్ని చార్టులూ ఒకేచోట కనిపించే పేజీ, చేశాను. షాపులవారీ పై చార్టు (ఎవరి వాటా ఎంతో గుండ్రటి బొమ్మలో ముక్కలుగా చూపేది), నెలవారీ గ్రాఫు, ఎక్కువ అమ్ముడైన రకాలు, అన్నీ రంగురంగులుగా. మావయ్య ఓసారి చూసి "బావుందిరా" అని మళ్లీ తన చిట్టా పుస్తకమే తీశాడు.

అత్తయ్య మాత్రం చూసింది. 2025 అక్టోబర్‌లో అక్కయ్యపాలెం గీత 2024 అక్టోబర్ కంటే బాగా కిందికి ఉంది. "అద్దె దండగ, ఎత్తేద్దాం" అంటోంది. గాజువాక అంత పడలేదు. పవర్ బీఐకి (ఇలాంటిదే మైక్రోసాఫ్ట్ టూల్) మారితే ఏమైనా తేలుతుందా?

అంకెలరావు

మారకండి, డబ్బు దండగ. ముందు ఆ పై చార్టు తీసేయండి. కోణాల కంటే ఒకే గీటు మీద నిలబెట్టిన పొడవుల్ని మన కన్ను బాగా పోల్చుతుందని 1984లోనే క్లీవ్‌లాండ్, మెక్‌గిల్ అనే గణాంకవేత్తలు ప్రయోగాలు చేసి చూపించారు. అసలు మూడు షాపులకి చార్టు ఎందుకండీ, మూడు అంకెలు పక్కపక్కన రాస్తే సరిపోదూ?

గుమస్తా

ఏటి బాబూ, అక్టోబర్‌ని అక్టోబర్‌తో పోల్చీడమేటి, అదీ చేపల యాపారంలో? 2024లో దీపావళి అక్టోబర్ 31న వచ్చింది, కార్తీకం దాదాపు అంతా నవంబర్‌లో పడింది. 2025లో దీపావళి 20నే. 22 నుంచి కార్తీకం. అంటే ఈసారి ఆఖరి పది రోజులూ సగం ఇళ్లలో నీసు ముట్టలేదు. అక్కయ్యపాలెంలో మీకు ఇళ్లవాళ్లే ఎక్కువా? గాజువాకలో మెస్సులు, హోటళ్ల ఆర్డర్లు ఉన్నాయా? ఉంటే తేడా అక్కడే తెలిసిపోద్ది.

తేదీ పక్కన రెండు కాలమ్‌లు పెట్టు. ఒకటి తెలుగు మాసం, రెండోది వేట నిషేధం ఉందా లేదా. మన తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు మరబోట్లు కదలవు. ఆ రోజుల ధరని మామూలు రోజుల ధరతో కలిపి సగటు తీస్తే ఆ అంకెకి అర్థం ఉండదు. ఆదివారాన్ని ఆదివారంతోనే చూడు. సోమవారం, శనివారం ఎలాగూ పలచనే.

ఇంకోటుంది, ఇదే అసలుది. బిల్లులో అమ్మింది మాత్రమే కనబడుద్ది. కోనాం (వంజరం) పొద్దున్న ఎనిమిదిన్నరకే అయిపోతే, ఆ తర్వాత వచ్చి తిరిగెళ్లిపోయినోళ్లు ఏ బిల్లులోనూ ఉండరు. అప్పుడు నీ గ్రాఫు "కోనాం తక్కువ పోతోంది" అంటది, మీ మావయ్య ఇంకా తక్కువ తెస్తాడు. ఏ రకం ఎన్ని గంటలకి అయిపోయిందో షాపు కుర్రాడి చేత రాయించు.

మీ మావయ్య రోజూ తేల్చుకోవాల్సింది ఒకటే: రేపు పొద్దున్న ఏది ఎన్ని కిలోలు పాడాలి? దానికి నెలవారీ గ్రాఫు ఎందుకూ కొరగాదు. ముందురోజు రాత్రి వాట్సాప్‌లో ఒక్క బొమ్మ పంపు: రేపు ఆదివారమైతే గత నాలుగు ఆదివారాలకి, అలా ఏ రోజుకి ఆ రోజే, రకాలవారీగా తెచ్చింది, అమ్మింది, మిగిలింది, అయిపోయిన టైము. చూడకపోతే అప్పుడు అడుగు.

అంకెలరావు

గుమస్తా గారు చెప్పింది నిజమే గానీ కార్తీకం ఒక్కటే లెక్క కాదు. 2024లో దసరా నవరాత్రులు అక్టోబర్ 3న మొదలయ్యాయి, 2025లో సెప్టెంబర్ 22నే. ఆ పట్టింపు ఉన్న ఇళ్ల వల్ల 2024 అక్టోబరే తగ్గాలి. పైగా 2025లో మొంథా తుఫాను. అక్టోబర్ 28 రాత్రి తీరం దాటింది, అంతకుముందు నుంచే బోట్లు కట్టేసుకున్నారు. సరుకే లేని రోజుల్ని గిరాకీ లేని రోజులుగా లెక్కేయకండి. వాటికి వేరే రంగు వేయండి.

హార్బర్‌కుర్రాడు

తుఫాను రోజులు పక్కన పెట్టి, దీపావళిని సున్నా రోజుగా పెట్టి రెండేళ్ల గీతలూ జరిపి గీశాను అన్నా. అక్కయ్యపాలెంవి దాదాపు ఒకదాని మీద ఒకటి పడ్డాయి. నవరాత్రుల వారం మాత్రం ఇంకా అతకట్లేదు, దాన్ని దసరా నుంచి విడిగా లెక్కేస్తున్నా. అత్తయ్య షాపు ఎత్తేసే మాట ప్రస్తుతానికి ఆపింది. రాత్రి బొమ్మ మావయ్యకి పంపితే జవాబు లేదు గానీ, పొద్దున్న కోనాం రెండు బుట్టలు ఎక్కువ పాడాడు. గాజువాకలో కానాగంతలు (చిన్న సముద్రపు చేపలు) రోజూ ఎందుకు మిగులుతున్నాయని అత్తయ్య నన్నే అడుగుతోంది. మిగిలినవి ఐస్‌లో పెట్టి మర్నాడు అమ్మితే వాటిని ఏ రోజు లెక్కలో వేయాలి?