బెలూన్ గీస్తే కోడిగుడ్డులా వస్తోంది, ఏం చెయ్యాలి?

ప్రశ్న:
అందరికీ నమస్కారం. డ్రాయింగ్ నాకు బొత్తిగా కొత్త. ఫోన్‌లో ఐబిస్ పెయింట్ అనే డ్రాయింగ్ యాప్ వేసుకుని, పుట్టినరోజు కార్డు కోసం నాలుగు బెలూన్లు, ఒక జెండాల తోరణం గీద్దామని కూర్చున్నాను. వేలితోనే గీస్తున్నా. బెలూన్ చూస్తే కోడిగుడ్డుకి దారం కట్టినట్టుంది, జెండాలేమో తాడుకి అంటకుండా గాల్లో తేలుతున్నాయి, గీతలన్నీ వంకరటింకర. స్టైలస్ పెన్ను కొంటే ఏమైనా బాగుపడుతుందా?

జవాబు 1:
పెన్ను ఇప్పుడే కొనకండి, ఈ మాత్రం బొమ్మలకి వేలు చాలు. యాప్‌లో స్టెబిలైజర్ అని ఉంటుంది, అది పెంచండి, గీతల వణుకు చాలావరకు పోతుంది.

ఇక బెలూన్. దాని లావంతా సగానికి పైనే ఉండాలి, అక్కణ్ణుంచి కిందికి సన్నబడుతూ వచ్చి ముడి దగ్గర ఆగాలి. ముడి కింద చిన్న త్రికోణం పెడితే చాలు, చూసేవాళ్లకి అది బెలూనే. సిమెట్రీ రూలర్ పెట్టుకుంటే ఒక పక్క గీస్తుంటే రెండో పక్క అదే వచ్చేస్తుంది. లోపల రంగు నింపాక పైన ఇంకో లేయర్ (బొమ్మ మీద పరిచే పారదర్శక పొర లాంటిది) తీసుకుని దానికి క్లిప్పింగ్ ఆన్ చెయ్యండి, అప్పుడు నీడ ఎంత అడ్డదిడ్డంగా పూసినా బెలూన్ గీత దాటి బయటికి పోదు. నీడకి నలుపు మాత్రం వద్దు, మురికిగా కనిపిస్తుంది. ఎర్ర బెలూన్ అయితే ముదురు ఎరుపు తీసుకోండి. ముడి దగ్గర రబ్బరు అంతగా సాగదు కాబట్టి నిజం బెలూన్‌లో కూడా అక్కడ రంగు చిక్కగా ఉంటుంది, అది ఒక్కటి వేసి చూడండి తేడా మీకే తెలుస్తుంది.

జవాబు 2:
తోరణానికి ముందు తాడు గియ్యండి, మధ్యలో కాస్త కిందికి జారినట్టు. జెండా ఒక్కటే గీసి కాపీలు తీసుకోండి, అన్నీ విడివిడిగా గీస్తూ కూర్చుంటే విసుగొస్తుంది. ప్రతి కాపీనీ పై అంచు తాడు మీద పడేలా తిప్పండి. మధ్య జెండా నిటారుగా ఉంటుంది, ఎడమవైపు వాటి కొనలు కొద్దిగా ఎడమకి, కుడివైపువి కుడికి వాలతాయి. మీవి తేలుతున్నాయంటే బహుశా అన్నిటినీ తిప్పకుండా నిటారుగానే పెట్టి ఉంటారు.

అడిగినవారు:
నిజమే, అలాగే పెట్టాను! తిప్పాక బాగా కుదిరింది. బెలూన్ కూడా వచ్చింది, మెరుపు కోసం పైన ఎడమవైపు తెల్ల చుక్క పెట్టి మిగతా మూడూ దాన్నే కాపీ చేసి, ఒకేలా ఉండకూడదని రెండిటిని అద్దంలోలా తిప్పాను. ఎందుకో ఏదో తేడాగా ఉంది. ఇంకో గొడవ, సేవ్ చేసి కార్డు మీద పెడితే వెనకాల తెల్ల డబ్బా వస్తోంది.

జవాబు 1:
తిప్పినప్పుడు మెరుపు కూడా కుడివైపుకి పోయింది, అదే తేడా. రెండు బెలూన్లకి వెలుతురు ఎడమ నుంచి, రెండిటికి కుడి నుంచి పడుతున్నట్టయింది. నీడ, మెరుపు లేని ఒట్టి ఆకారాన్ని కాపీ చేసి, తిప్పి, కొంచెం చిన్నా పెద్దా చేసి, మెరుపు చివర్లో అన్నిటికీ ఒకే వైపు పెట్టండి. అన్నట్టు దారాలు నాలుగూ కింద ఒకే చోట కలిస్తే గుత్తిగా కనిపిస్తాయి.

తెల్ల డబ్బాకి కారణం బహుశా జేపెగ్ అనే ఫైలు రకంలో సేవ్ చెయ్యడం. అందులో పారదర్శకత ఉండదు. బ్యాక్‌గ్రౌండ్ తీసేసి ట్రాన్స్‌పరెంట్ పీఎన్‌జీ అనే రకంలో సేవ్ చెయ్యండి.

జవాబు 2:
ప్రింట్ తీసే ఆలోచన ఉంటే కాన్వాస్ (మీరు గీసే పేజీ) సైజు మొదట్లోనే చూసుకోండి. ఏ4 కాగితానికి 300 డీపీఐ (అంగుళానికి 300 చుక్కలు) లెక్కన 2480 x 3508 పిక్సెళ్లు కావాలి. చిన్న కాన్వాస్‌లో గీసి తర్వాత సాగదీస్తే అంచులు మసకబారతాయి. ఫోన్‌లో ధగధగలాడే ఆ పచ్చలూ గులాబీలూ కాగితం మీద కాస్త డల్ అవుతాయి, అందుకని ముందు ఒక్క కాపీ తీసి చూసుకుని మిగతావి తీయండి.