400 మెగాహెర్ట్జ్ దగ్గరే ఆగిపోయిన ల్యాప్‌టాప్: ప్రాక్‌హాట్ లైన్‌ను లాగుతున్నది ఎవరు?

కృష్ణాతీరం (ప్రశ్న)

అందరికీ నమస్కారం. ఐ5-8250యూ ప్రాసెసర్, 8 జీబీ ర్యామ్, ఎస్ఎస్‌డీ ఉన్న ల్యాప్‌టాప్. అడాప్టర్ 65 వాట్లు (19.5 వోల్టులు, 3.34 ఆంపియర్లు), పిన్ మధ్యలో సన్నని సూది ఉండే రకం. టాస్క్ మేనేజర్‌లో స్పీడు 0.39 గిగాహెర్ట్జ్ దాటట్లేదు. బ్రౌజర్‌లో ఒక్క ట్యాబ్ తెరిస్తే చాలు, సీపీయూ 100 శాతానికి పోతోంది. వేడి మాత్రం 48 డిగ్రీలే. ఫ్యాన్ బాగానే తిరుగుతోంది.

ఇప్పటిదాకా చేసినవి: విండోస్ కొత్తగా వేశాను, పవర్ ప్లాన్ హై పెర్ఫార్మెన్స్‌లో పెట్టాను, థర్మల్ పేస్ట్ మార్చాను, బయాస్‌ను డిఫాల్ట్‌కు తెచ్చాను. ఉబుంటు పెన్‌డ్రైవ్‌తో బూట్ చేసినా అదే 400 మెగాహెర్ట్జ్. థ్రాటిల్‌స్టాప్ అనే టూల్‌లో బీడీ ప్రాక్‌హాట్ (స్పీడు తగ్గించమని బయటి నుంచి వచ్చే సిగ్నల్‌ను సీపీయూ వినాలా అన్నది) టిక్ తీసేస్తే మాత్రం వెంటనే 3 గిగాహెర్ట్జ్ దాటుతోంది. రిపేరు షాపులో బోర్డే మార్చాలన్నారు. టిక్ తీసేసి అలాగే వాడుకోవచ్చా? లేక నిజంగా బోర్డు పోయినట్టేనా?

రిజిస్టర్_రాజు

బోర్డు మార్చే మాట అప్పుడే వద్దండి. ఉబుంటులో కూడా 400 దగ్గరే ఉందన్నారు కాబట్టి విండోస్, డ్రైవర్లు, పవర్ ప్లాన్ అన్నీ పక్కన పెట్టేయొచ్చు. మీ ప్రాసెసర్ కనిష్ఠ మల్టిప్లయర్ 4. బస్ క్లాక్ 100 మెగాహెర్ట్జ్‌తో గుణిస్తే సరిగ్గా 400 వస్తుంది. అంటే ఎవరో బయటి నుంచి చెప్పడం వల్ల చిప్ అట్టడుగు మెట్టు మీదికి దిగి కూర్చుంది. నిజంగా వేడెక్కితే ఇలా ఉండదు. 97, 98 డిగ్రీల దగ్గర స్పీడు కొంచెం తగ్గుతుంది, చల్లబడగానే పెరుగుతుంది, గ్రాఫ్ రంపం పళ్లలా కనిపిస్తుంది. మీది గీత గీసినట్టు ఒకే చోట ఉంది.

ప్రాక్‌హాట్ అనేది ప్రాసెసర్ నుంచి బోర్డు మీదికి వచ్చే ఒక సిగ్నల్ లైన్. మామూలుగా అది సుమారు 1 వోల్ట్ దగ్గర నిలబడి ఉంటుంది. వేడి 100 డిగ్రీలకు చేరితే ప్రాసెసరే దాన్ని సున్నాకు లాగుతుంది. ‘బీడీ’ అంటే ఆ లైను రెండు వైపులా పనిచేస్తుందని. ఛార్జింగ్ ఐసీ గానీ, ఎంబెడెడ్ కంట్రోలర్ (బ్యాటరీ, ఫ్యాన్ లాంటివి చూసుకునే చిన్న చిప్) గానీ, సీపీయూకు కరెంటిచ్చే వీఆర్ఎం కంట్రోలర్ గానీ దాన్ని కిందికి లాగొచ్చు. వాటిలో ఎవరు లాగినా సీపీయూ ప్రశ్న వేయదు, స్పీడు తగ్గించేస్తుంది.

వేడి లోపలిదా, ఆదేశం బయటిదా అన్నది ఊహించక్కర్లేదు, ప్రాసెసర్ తన స్థితిని రాసి ఉంచే రిజిస్టరే చెబుతుంది. ఉబుంటులో ఎంఎస్ఆర్-టూల్స్ ప్యాకేజీ వేసి, ఎంఎస్ఆర్ మాడ్యూల్ లోడ్ చేసి, 19సీ రిజిస్టర్ చదివి ఇక్కడ పెట్టండి. సెక్యూర్ బూట్ ఆన్‌లో ఉంటే కెర్నల్ రిజిస్టర్లలో రాయనివ్వదు. ముందే బయాస్‌లో దాన్ని ఆఫ్ చేసుకోండి.

కృష్ణాతీరం

చదివాను. అన్ని కోర్లలోనూ 8834000సీ అనే వస్తోంది. బీడీ ప్రాక్‌హాట్ స్విచ్ ఉండే 1ఎఫ్‌సీ కూడా చదివాను, 24005డీ.

రిజిస్టర్_రాజు

కావలసినదంతా ఇందులోనే ఉంది. ఇవి హెక్స్ (16 అంకెల లెక్క) సంఖ్యలు. చివరి అంకె సీ, అంటే 12, అంటే 8 + 4. కాబట్టి బిట్ 3 (విలువ 8), బిట్ 2 (విలువ 4) వెలిగి ఉన్నాయి. బిట్ 1, బిట్ 0 సున్నా. బిట్ 0 ‘నేనే వేడెక్కాను’ అని ప్రాసెసర్ చెప్పే మాట. బిట్ 1 దాని పాత గుర్తు. రెండూ సున్నా కాబట్టి బూట్ అయినప్పటి నుంచి మీ చిప్ ఒక్కసారి కూడా హద్దు దాటలేదు. బిట్ 2 అంటే ‘బోర్డు మీద ఇంకెవరో ప్రాక్‌హాట్ లాగుతున్నారు, ఇప్పుడు కూడా’. బిట్ 3 దాని పాత గుర్తు.

వేడి కూడా ఇందులోనే చూసుకోవచ్చు. 8834లోని 34 హెక్స్, దశాంశంలో 52. హద్దుకు ఇంకా 52 డిగ్రీల దూరం ఉందని అర్థం. 100లోంచి 52 తీస్తే 48. మీరు చూసిన 48 డిగ్రీలే. సెన్సర్ అబద్ధం చెప్పట్లేదు.

ఇక 24005డీ. డీ (13) బేసి అంకె, అంటే బిట్ 0 ఆన్‌లో ఉంది. బయటి ఆదేశాన్ని వినాలని చెప్పే స్విచ్ అదే. థ్రాటిల్‌స్టాప్ టిక్ తీసేసినప్పుడు జరిగేది 24005డీ కాస్తా 24005సీ కావడమే. లైన్ అప్పటికీ కిందే ఉంటుంది. సీపీయూ దాని మాట వినడం మానేస్తుంది, అంతే.

డెల్టా_9

అయితే వినడం మానేయించి వాడుకుంటే సరిపోతుంది కదా? స్టార్టప్‌లో పెట్టేస్తే పని జరిగిపోతుంది. పాత ల్యాప్‌టాప్ మీద ఇంత శ్రమ ఎందుకు?

బోర్డుబెంచ్

వద్దండి, కనీసం కారణం తెలిసేవరకైనా వద్దు. స్విచ్ ఆపినా ప్రాసెసర్ సొంత రక్షణ పోదు, నిజమే. 100 డిగ్రీల దగ్గర తనంతట తాను తగ్గుతుంది, అది కూడా దాటిపోతే పవర్ ఆఫ్ అవుతుంది. పోయేది మిగతా బోర్డు రక్షణ. లెక్క చూడండి. ఈ చిప్‌కు చాలా ల్యాప్‌టాప్‌లలో క్షణకాలపు పరిమితి 44 వాట్లు. స్క్రీను, ఎస్ఎస్‌డీ, వైఫై కలిసి ఒక 10 వాట్లు అనుకోండి. బ్యాటరీ ఛార్జింగ్‌కు ఇంకో 25, 30. అక్కడికే 65 దాటిపోయింది. మామూలుగా ఛార్జింగ్ ఐసీ ఆ కరెంటును కొలుస్తూ, మితిమీరితే ప్రాక్‌హాట్ లాగి సీపీయూను ఆపుతుంది. దాని నోరు మూసేస్తే అడాప్టర్ టపీమని కట్ అవుతుంది, లేదా వదులుగా ఉన్న డీసీ జాక్ కాలుతుంది. జాక్ చుట్టూ ప్లాస్టిక్ గోధుమ రంగుకు తిరిగి మెత్తబడిన బోర్డులు బెంచ్ మీదికి వస్తూనే ఉంటాయి.

పైగా ఆ టిక్ శాశ్వతం కూడా కాదు. రీస్టార్ట్ చేసినా, చాలాసార్లు స్లీప్ నుంచి లేచినా, ఫర్మ్‌వేర్ ఆ బిట్‌ను మళ్లీ ఆన్ చేస్తుంది.

కృష్ణాతీరం గారూ, లాగుతున్నది ఎవరో ఈ వరుసలో పట్టుకోండి.

ముందు బయాస్‌లోకి వెళ్లి అడాప్టర్ రకం ఏమని రాసి ఉందో చూడండి. 65 వాట్లు అని ఉండాలి. ‘తెలియదు’ అని ఉంటే సగం పని అయిపోయినట్టే. మీ అడాప్టర్ పిన్ మధ్యలోని సూది పవర్ కోసం కాదు. అడాప్టర్ లోపల చిన్న మెమరీ చిప్ ఉంటుంది. తాను ఎన్ని వాట్లదో ఆ ఒక్క తీగ మీద ల్యాప్‌టాప్‌కు చెబుతుంది. ఆ మాట అందకపోతే ల్యాప్‌టాప్ భయపడి ఛార్జింగ్ ఆపేసి, సీపీయూను 400కు దింపేస్తుంది. మీటర్ పెడితే 19.5 వోల్టులు చక్కగానే చూపిస్తుంది. అందుకే చాలామంది ‘అడాప్టర్ బాగుంది’ అనుకుని బోర్డు మీద పడతారు.

తర్వాత అడాప్టర్ పీకేసి బ్యాటరీ మీద నడపండి. స్పీడు లేస్తే తప్పు అడాప్టర్, దాని వైరు, జాక్, చాలావరకు ఈ మూడింట్లోనే. లేవకపోతే అడాప్టర్ పీకే ఉంచి, మూత తీసి బ్యాటరీ కనెక్టర్ కూడా విప్పండి. పవర్ బటన్ 30 సెకన్లు నొక్కి పట్టుకోండి, తర్వాత అడాప్టర్ మాత్రమే పెట్టి చూడండి. ఇక్కడ ఒక చిక్కుంది. బ్యాటరీ లేకపోతే కావాలనే స్పీడు తగ్గించే మోడళ్లు కూడా ఉన్నాయి. కాబట్టి ఈ పరీక్షలో లేస్తేనే అర్థం ఉంది. లేవకపోతే దాన్నిబట్టి ఏమీ తేల్చకండి.

ఈ రెండింట్లో తేలకపోతేనే బోర్డు మీదికి వెళ్లాలి. స్కీమాటిక్‌లో (బోర్డు సర్క్యూట్ పటంలో) ప్రాక్‌హాట్ పాయింట్ వెతికి మీటర్ పెడితే 1 వోల్ట్ ఉండాల్సిన చోట సున్నా కనిపిస్తుంది. ఆ లైన్ మీదికి వచ్చే ఒక్కో శాఖలో ఉన్న జీరో ఓమ్ రెసిస్టర్‌ను ఒక్కొక్కటిగా ఎత్తి చూడాలి. ఏది ఎత్తితే వోల్టేజ్ లేస్తుందో దొంగ అక్కడున్నాడు. వీఆర్ఎం వైపైతే చాలాసార్లు ఐసీ బాగానే ఉంటుంది, పక్కనున్న చిన్న థర్మిస్టర్ (వేడిని కొలిచే రెసిస్టర్) పోయి ఉంటుంది.

కృష్ణాతీరం

బయాస్‌లో అడాప్టర్ ‘తెలియదు’ అనే ఉంది! బ్యాటరీ మీద నడిపితే 2.8 నుంచి 3.2 గిగాహెర్ట్జ్ వస్తోంది. బ్యాటరీ 61 శాతం దగ్గర ఆగిపోయి ఛార్జ్ ఎక్కట్లేదన్నది ఇప్పుడే గమనించాను. ఇదే రకం ఇంకో 65 వాట్ల అడాప్టర్ అడిగి తెచ్చి పెట్టినా ‘తెలియదు’ అనే వస్తోంది.

బోర్డుబెంచ్

అయితే అడాప్టర్ మీద అనుమానం తీరింది. ఇక జాక్, దాని వైరు చూడాలి. బ్యాటరీ కనెక్టర్ విప్పి, జాక్ వైరును బోర్డు నుంచి తీయండి. అందులో లావు తీగలు పాజిటివ్, గ్రౌండ్. ఒక్కటి మాత్రం వెంట్రుకలా సన్నగా ఉంటుంది, అదే గుర్తింపు తీగ. మీటర్‌ను కంటిన్యుటీలో పెట్టి ఒక ప్రోబ్ జాక్ లోపల మధ్య కాంటాక్ట్‌కు, ఇంకోటి ఆ సన్న తీగ చివరకు ఆనించండి. ఒక ఓమ్ లోపే రావాలి. వైరును జాక్ మెడ దగ్గర మెల్లగా వంచుతూ చూడండి, తెగేది ఎక్కువగా అక్కడే. బీప్ వస్తూ పోతూ ఉన్నా మార్చాల్సిందే.

అతుకు వేయొద్దు, వైరుతో సహా జాక్ మొత్తం మార్చండి. మోడల్ నంబరుతో పాటు పాత వైరు మీది పార్ట్ నంబరు కూడా చూపించి కొనండి. ఒకే మోడల్‌లో రెండు పొడవులు ఉంటాయి. హైదరాబాద్ వైపు ఉంటే సికింద్రాబాద్ సీటీసీలో (కంప్యూటర్ విడిభాగాల మార్కెట్) పాత ముక్క చేతిలో పట్టుకుని వెళ్లడం మేలు.

కొత్త జాక్ పెట్టినా ‘తెలియదు’ అనే వస్తే, జాక్ కనెక్టర్ నుంచి ఎంబెడెడ్ కంట్రోలర్ దాకా ఉన్న దారిలో చిన్న రెసిస్టర్, రక్షణ డయోడ్ చూడాలి. సూది వంగి పక్కనున్న 19.5 వోల్టులకు తగిలిన సందర్భాల్లో ముందు కాలేవి అవే.

రిజిస్టర్_రాజు

జాక్ వచ్చేలోపు పని ఆగకూడదనుకుంటే టిక్ తీసి వాడొచ్చు, కానీ ఊరికే తీయొద్దు. పవర్ పరిమితి కూడా తగ్గించండి. 610 రిజిస్టర్ చదివితే బహుశా 42816000డీడీ8078 లాంటిది వస్తుంది. చివరి నాలుగంకెల్లో 8 అంటే పరిమితి ఆన్‌లో ఉందని, 078 అంటే 120. ఒక్కో యూనిట్ 1/8 వాట్, కాబట్టి 15 వాట్లు. ముందు భాగంలోని 8160లో 160 అంటే 352, అంటే 44 వాట్లు. ఆ 8160ను కూడా 8078 చేసి 42807800డీడీ8078 రాస్తే సీపీయూ ఎప్పుడూ 15 వాట్లు దాటదు. 16 అంకెలు నిండి మొదటి అంకె 8 గానీ అంతకన్నా పెద్దది గానీ ఉంటే రిజిస్టర్ తాళం పడినట్టు. రీస్టార్ట్ అయ్యేదాకా మారదు.

కృష్ణాతీరం

సన్న తీగ జాక్ మెడ దగ్గరే తెగింది, వంచితే బీప్ పోతోంది. వైరుతో సహా జాక్ మార్చాను. బయాస్‌లో 65 వాట్లు చూపిస్తోంది, ఛార్జ్ ఎక్కుతోంది, 1ఎఫ్‌సీని తాకకుండానే స్పీడు వస్తోంది. ఒక్క సందేహం మిగిలింది. వీడియో ఎన్‌కోడ్ పెడితే మొదట 3.1 గిగాహెర్ట్జ్ వస్తోంది, అర నిమిషంలో 2.4కు పడిపోయి అక్కడే ఉంటోంది. ఇదీ ప్రాక్‌హాటేనా?

రిజిస్టర్_రాజు

కాదండి, ఇది సక్రమమైన నడవడి. ఆ డీడీ అనే రెండంకెల్లో దాగిన సమయం 28 సెకన్లు. సగటు 15 వాట్ల లోపు ఉన్నంతసేపు 44 దాకా పోనిస్తుంది, తర్వాత 15కు కట్టేస్తుంది. ఆ 15 వాట్లలో నాలుగు కోర్లకూ పూర్తి పని ఇస్తే 2.4 దగ్గర నిలవడం మామూలే. నిర్ధారణ కావాలంటే ఎన్‌కోడ్ నడుస్తుండగా 64ఎఫ్ చదవండి. బిట్ 10 వెలిగితే పవర్ పరిమితి, బిట్ 1 అయితే వేడి, బిట్ 0 అయితే ప్రాక్‌హాట్. విండోస్‌లోనైతే థ్రాటిల్‌స్టాప్ లిమిట్స్ కిటికీలో ఎరుపు ఇప్పుడు జరుగుతున్నది, పసుపు ఇంతకుముందు జరిగింది.

దీన్ని 20, 25 వాట్లకు పెంచుకోవచ్చు, కూలింగ్ తట్టుకోగలిగితే. 610లో పెంచినా ఫలితం లేకపోతే ఇదే పరిమితికి మెమరీ మ్యాప్‌లో ఇంకో కాపీ ఉంటుందని గుర్తుంచుకోండి. రెండింట్లో ఏది తక్కువైతే సీపీయూ దాన్నే పాటిస్తుంది. లైనక్స్‌లో థర్మల్‌డీ సేవ, విండోస్‌లో తయారీదారు ఇచ్చిన థర్మల్ డ్రైవర్ ఆ రెండో కాపీని మార్చేస్తుంటాయి.