షుగర్ మీద మా పీహెచ్‌సీ టీముకు నెలనెలా క్లాసు చెప్పమన్నారు, ఏం చెప్పాలి?

పల్లెదవాఖాన నర్సు, పరకాల వైపు:

అందరికీ నమస్తే. నేను బీఎస్సీ నర్సింగ్ చేసి, పరకాల దగ్గర ఒక పల్లె దవాఖానలో ఎంఎల్‌హెచ్‌పీగా, అంటే డాక్టర్‌కు, ఏఎన్‌ఎంకు మధ్య స్థాయి ఆరోగ్య సిబ్బందిగా పనిచేస్తున్నాను. మొన్న మీటింగులో మా మెడికల్ ఆఫీసర్ సార్ నాకో పని అప్పజెప్పారు. ఇకనుంచి నెలవారీ మీటింగ్ అయిపోయాక అరగంట షుగర్ మీద క్లాసు ఉంటుందట. ఆశాలు, ఏఎన్‌ఎంలు, ల్యాబ్ టెక్నీషియన్, ఫార్మసిస్టు అందరూ కూర్చోవాలట, చెప్పేది నేనట.

సార్ నా మీద నమ్మకం పెట్టుకున్నందుకు సంతోషమే. టెన్షన్ ఎందుకంటే, మాకు జరిగే ట్రైనింగులు ఎట్లుంటాయో ఇక్కడ చాలామందికి తెలుసు. పొద్దున సంతకాలు, ప్యాంక్రియాస్ బొమ్మతో ఒక పీపీటీ, బీటా కణాలు, మధ్యాహ్నం బిర్యానీ, సాయంత్రం గ్రూప్ ఫొటో. మర్నాడు సెంటర్‌కు వస్తే చేసే పనిలో ఏ మార్పూ ఉండదు. నేనూ అదే బొమ్మతో మొదలుపెడితే మా ఆశాలు మర్యాదకు తల ఊపి ఊరుకుంటారు. వాళ్లలో కొందరు నేను కాలేజీలో చేరకముందు నుంచే ఈ ఊళ్లు తిరుగుతున్నవాళ్లు.

అసలు లోటు ఎక్కడుందో ఒక కేసుతో చెప్తాను. పత్తి ఏరే రోజుల్లో ఒక పెద్దమ్మను ఆటోలో తెచ్చారు. ఒళ్లంతా చెమట, చేతులు వణుకు, పిలిస్తే పలుకుతోంది గానీ మాట తడబడుతోంది. "షుగర్ లేసినట్టుంది మేడం, ఇంకో గోలీ ఎయ్యాల్నా?" అని కొడుకు అడుగుతున్నాడు. గ్లూకోమీటర్ 48 చూపించింది, అంటే షుగర్ లేవలేదు, బాగా పడిపోయింది. పొద్దుగాల లేవగానే గ్లిమెపిరైడ్ అనే షుగర్ గోలీ వేసుకుని, ఇంత చాయ్ తాగి చేనుకు పోయిందట. సద్ది విప్పేసరికి పదవుతుంది, ఆలోపే పడిపోయింది. తెలివి ఉంది, మింగగలుగుతోంది కాబట్టి మూడు చెంచాల గ్లూకోజ్ పొడి నీళ్లలో కలిపి తాగించాం. పావుగంట ఆగి మళ్లీ చూస్తే 90 దాటింది. అన్నం తినిపించి, ఆ గోలీ పని చాలాసేపు ఉంటుంది కాబట్టి సార్ దగ్గరికి పంపాను.

ఆ ఇంటికి ఆశా నెలనెలా పోతుంది. గోలీలు అందుతున్నాయి, యాప్‌లో ఫాలోఅప్ పడుతోంది. కాగితం మీద వంక పెట్టడానికి ఏమీ లేదు. కానీ గోలీ ఎప్పుడు వేసుకోవాలి, తినడం ఆలస్యమైతే ఏం చేయాలి, చెమటలు పడితే దేనికి గుర్తు అనే ముచ్చట మాత్రం ఆ ఇంట్లో ఎవరూ ఎత్తలేదు.

అందుకే అడుగుతున్నాను. అరగంటలో ఏం చెప్పొచ్చు, దేంతో మొదలుపెట్టాలి? నర్సులకు, ఆశాలకు షుగర్ మీద పనికొచ్చే కోర్సులేమైనా ఉన్నాయా? ఇంకోటి, కాళ్ల పరీక్షకు మోనోఫిలమెంట్ (పాదాల్లో స్పర్శ ఉందో లేదో చూసే సన్నని నైలాన్ దారం) కోసం ఇండెంట్ పెట్టాను, ఇంకా రాలేదు. అది వచ్చేదాకా ఏం చేయాలి?

ఎన్‌సీడీ డాక్టర్, హనుమకొండ:

సిస్టర్, పీపీటీ జోలికి పోకండి. మీటింగుకు ఇరవై మంది షుగర్ పేషెంట్ల వివరాలు పట్టుకెళ్లండి, పేర్లు కనబడకుండా. టీము ముందే ఒక్కొక్కటీ చదవండి. గత ఆరు నెలల్లో బీపీ ఎన్నిసార్లు రాశారు? కిడ్నీల పనితీరు తెలిపే క్రియాటినిన్ పరీక్ష చేయించారా? కాళ్లు ఎవరైనా చూశారా? పరగడుపు షుగర్ వరసగా 200 పైన వస్తున్నా అవే గోలీలు, అదే డోసు ఎంతమందికి ఇస్తున్నాం? నేను పనిచేసిన చోట్ల షుగర్ గడి నిండుగా ఉండేది, కాళ్ల గడి ఖాళీగా ఉండేది. చాలామందికి మందులు అందకపోవడం కాదు సమస్య, అందుతున్న మందు చాలడం లేదని ఎవరూ పట్టించుకోకపోవడం. డోసు మార్చే అధికారం మీకు లేదు, నిజమే. మార్చాల్సిన మనిషిని గుర్తుపట్టి ఎంఓ (మెడికల్ ఆఫీసర్) దగ్గరికో, వీడియోలో డాక్టర్‌ను చూపించే ఈ-సంజీవనికో తెచ్చే పని మాత్రం పూర్తిగా మీదే. మూడు నెలల సగటు చూడాలంటే హెచ్‌బీఏ1సీ శాంపిల్ సర్కారు ల్యాబ్ అయిన తెలంగాణ డయాగ్నోస్టిక్స్‌కు పంపండి.

రెండోది, నంబర్ల గందరగోళం. ఇంటి దగ్గర ర్యాండమ్‌గా చూస్తే 140 దాటింది అంటే అనుమానం అని మాత్రమే అర్థం. అక్కడికక్కడే "నీకు షుగర్ ఉంది" అని చెప్పేస్తున్నారు, ఆ మనిషి వారం రోజులు అన్నం ముట్టడు. నిర్ధారణకు లెక్క వేరు. పరగడుపున 126, గ్లూకోజ్ తాగిన రెండు గంటలకు 200, లేదా హెచ్‌బీఏ1సీ 6.5, వీటిలో ఏదైనా అంతకు తగ్గకుండా ఉండాలి. లక్షణాలు లేకపోతే ఇంకోసారి చేసి ఖాయం చేసుకోవాలి. గర్భిణుల లెక్క మళ్లీ వేరు. 75 గ్రాముల గ్లూకోజ్ తాగించిన రెండు గంటలకు 140 చేరిందంటే మన ప్రోగ్రాంలో గర్భిణీ షుగరే. ఈ మూడింటినీ పెద్ద అక్షరాలతో రాసి గోడకు అంటించండి, అదే ఒక క్లాసు.

బీపీని మరిచిపోవద్దు. 1998లో వచ్చిన యూకేపీడీఎస్ అనే బ్రిటన్ షుగర్ అధ్యయనం ఫలితాల్లో, షుగర్ ఉన్నవాళ్లకు బీపీని సగటున 144/82 దాకా దించితే, 154/87 దగ్గర ఉన్నవాళ్లతో పోలిస్తే పక్షవాతం 44 శాతం తగ్గింది. బీపీ మిషన్ మీ సెంటర్‌లోనే ఉంది, స్ట్రిప్ ఖర్చు కూడా లేదు. అయినా షుగర్ పేషెంట్ వస్తే అందరం వేలికే సూది గుచ్చుతాం.

కోర్సుల సంగతి. 2010 నుంచి పబ్లిక్ హెల్త్ ఫౌండేషన్ ఆఫ్ ఇండియా వాళ్లు, చెన్నైలోని డాక్టర్ మోహన్స్ సంస్థతో కలిసి డయాబెటిస్ మీద ఒక సర్టిఫికెట్ కోర్సు నడుపుతున్నారు. నెలకొకసారి క్లాసు కాబట్టి డ్యూటీకి అడ్డురాదు. కానీ అది డాక్టర్లకు, మీ ఎంఓ గారికి చెప్పండి. నర్సులకు ఇగ్నో ఆరు నెలల కమ్యూనిటీ హెల్త్ సర్టిఫికెట్ ఉంది, అందులో షుగర్ ఒక భాగమే. నా మాట అడిగితే, ఏ సర్టిఫికెట్ కంటే కూడా మీ సార్ ఇస్తానన్న ఆ అరగంటే ఎక్కువ పని చేస్తుంది.

ఆశా, ములుగు జిల్లా:

అక్కా, ఫోన్‌లో మాట్లాడి టైప్ చేస్తున్నా, తప్పులుంటే ఏమనుకోకండి. ముందుగాల ఒకటి చెప్తా. క్లాసు మీటింగ్ చివర్లో పెట్టకండి. మా ఊరికి ఐదు దాటితే బస్సు లేదు. నాలుగున్నరకు మీరు ఎంత మంచిగ చెప్పినా మా చెవులు బస్టాండ్‌లోనే ఉంటాయి. పొద్దున రాగానే పెట్టండి, టార్గెట్ల లెక్కలు తర్వాత అడగొచ్చు.

మాకు కావాల్సింది గడప దగ్గర ఏం మాట్లాడాలో. "గోలీ మొదలుపెడితే సచ్చేదాక ఏసుకోవాల్నట గదా" అంటే ఏం చెప్పాలి? "సూది రాసిండ్రంటే ఇగ ఆఖరికి వచ్చినట్టే" అంటే ఏం చెప్పాలి? వీటికి మాకు జవాబు నేర్పలేదు. మాలో ఒకామె పేషెంట్ లెక్క కూర్చుని అడగాలి, ఇంకొకామె జవాబు చెప్పాలి, మీరు సరిదిద్దాలి. అట్ల రెండు మూడు సార్లు చేస్తే నోటికి వస్తది.

తిండి కాడ కూడా చార్టు పంచితే ఏం లాభం లేదు. ఓట్స్, ఆపిల్ అని ఉంటది, మా ఊళ్లో ఎవరు తింటరు? అన్నం బంద్ చేసి జొన్నరొట్టె తింటే షుగర్ రాదని అందరూ చెప్పుకుంటరు, చెప్పుకుని నాలుగేసి రొట్టెలు తింటరు. రొట్టె కూడా పిండే, రెండు తిని కూర, పప్పు ఎక్కువ పెట్టుకోమని చెప్తా. జాతర టైంలో మేడారం బంగారం ఇంటింటికి వస్తది. బెల్లమే గాని, అమ్మవారి ప్రసాదం కదా, తినొద్దంటే నా ముందర కళ్లకద్దుకుని పక్కన పెడతరు, నేను పోయినంక తింటరు. అందుకే వద్దు అనను. చిటికెడు నోట్లో ఏసుకుని మిగతాది పిల్లలకు పంచమంటా. ఈ మాట వింటున్నరు.

ఇంకోటి, ఎవరికి జబ్బు ముప్పు ఉందో మార్కులేసి చూసే ఆ సీబ్యాక్ ఫారంలో నడుము కొలత. మగవాళ్ల నడుముకు మేం టేపు చుట్టాలంటే మాకూ సిగ్గు, వాళ్లకూ సిగ్గు. అందాజుగ రాసేటోళ్లు కూడా ఉన్నరు. నేను టేపు వాళ్ల చేతికే ఇచ్చి, బొడ్డు కాడ పట్టుకోమని చెప్పి నంబర్ చదువుకుంటా. నాలుగు కంటే ఎక్కువ మార్కులొస్తే ముందుగాల పంపాలె గదా, నడుము తప్పు రాస్తే ఆ లెక్కే తప్పుతది.

ఫార్మసిస్టు, నర్సంపేట:

డాక్టర్ గారు చెప్పిన ఆడిట్ మంచిదే గానీ మొదటి నెలే పెడితే అందరూ ఇన్‌స్పెక్షన్ వచ్చింది అనుకుంటారు. తప్పు ఎవరిదని వెతుకులాట మొదలవుతుంది. చేతితో చేసే పనులు రెండు మూడు నెలలు నేర్పి, టీము కుదురుకున్నాక రిజిస్టర్లు తెరవండి.

చేతి పని అంటే నా ఓటు ఇన్సులిన్‌కు. మన సప్లైలో వచ్చే వయల్ (ఇన్సులిన్ సీసా) మీద 40 అని ఉంటుంది, అంటే ఒక ఎంఎల్‌లో 40 యూనిట్లు. దానికి ఎర్ర మూత సిరంజి వాడాలి. బయట మెడికల్ షాపులో ఒక్కోసారి నారింజ మూత సిరంజి ఇచ్చేస్తారు, అది 100 యూనిట్ల ఇన్సులిన్‌కు. 40 వయల్ నుంచి నారింజ సిరంజితో 20 గీత దాకా లాగితే లోపలికి పోయేది 8 యూనిట్లే. పేషెంట్ రోజూ పొడుచుకుంటున్నాడు, షుగర్ దిగడం లేదు, డాక్టర్ డోసు పెంచుతారు. తర్వాత ఎప్పుడో సరైన సిరంజి దొరికిందంటే పెంచిన డోసు మొత్తం ఒక్కసారే పడి హైపోలోకి, అంటే షుగర్ బాగా పడిపోయే స్థితిలోకి పోతాడు. తిరగేస్తే ఇంకా ప్రమాదం, 100 ఇన్సులిన్‌ను ఎర్ర మూత సిరంజితో లాగితే రెండున్నర రెట్లు పోతుంది. రెండు సిరంజీలు, ఒక ఖాళీ వయల్‌లో నీళ్లు పోసి బల్ల మీద పెట్టండి. అందరితో లాగించండి. పది నిమిషాల్లో అయిపోతుంది, ఇక మరిచిపోరు.

పేషెంట్‌తో ఇంటి నుంచి వయల్, సిరంజి రెండూ తెప్పించి, మీ కళ్ల ముందే లాగమనండి. చెప్పమంటే అందరూ సరిగానే చెప్తారు, లాగమంటే తెలుస్తుంది. 30/70 అనే మిశ్రమ ఇన్సులిన్ తెల్లగా ఉండే మందు కాబట్టి అరచేతుల మధ్య దొర్లించాలి, చాలామంది సీసా టకటకా ఊపేస్తారు. పొట్ట మీద చేత్తో తడిమి చూడండి, ఒకేచోట పొడుచుకునేవాళ్లకు గడ్డలాగా తగులుతుంది. అక్కడ పొడిస్తే మందు సరిగ్గా ఒంటికి పట్టదు. ఫ్రిజ్ లేని ఇళ్లలో కుండ బాగానే పనిచేస్తుంది, సీసా తడవకుండా కవర్‌లో కట్టి పెట్టాలి. మూత తెరిచిన వయల్ నాలుగు వారాలు దాటితే వాడొద్దు. ఫ్రిజ్ ఉన్నవాళ్లు ఐస్ గడ్డకట్టే అరలో పెట్టకుండా చూడండి, గడ్డకట్టిన ఇన్సులిన్ పారేయాల్సిందే.

స్ట్రిప్స్ డబ్బా మూత కూడా ఒక పాఠమే. మూత తీసి ఎండలో స్కూటీ డిక్కీలో పెట్టుకుని తిరిగితే వచ్చే రీడింగును నమ్మలేం. మామిడిపండు తిన్న వేలికి గుచ్చినా అంతే. సబ్బుతో కడిగించి, ఆరనిచ్చి, వేలి పక్కన గుచ్చాలి.

పల్లెదవాఖాన నర్సు, పరకాల వైపు:

అందరికీ చాలా థ్యాంక్స్. ములుగు అక్క చెప్పిన బస్సు సంగతి సార్‌కు చెప్పాను, క్లాసు పొద్దున పదింటికి మార్చారు. మొదటి నెల హైపో పెడుతున్నాను, మా పెద్దమ్మ కేసే పాఠం. ఆశాలతో పేషెంట్ వేషం వేయించి, "ఇంకో గోలీ ఎయ్యాల్నా" అన్న ప్రశ్నతోనే మొదలుపెడతాం. తెలివి లేని మనిషి నోట్లో ఏమీ పోయకూడదని, 108కి ఫోన్ చేయాలని కూడా అందులోనే చెప్తాను. రెండో నెల సిరంజీలు. ఆడిట్ ఆ తర్వాతే. డాక్టర్ గారూ, కాళ్ల పరీక్ష గురించి మాత్రం మిగిలిపోయింది.

ఎన్‌సీడీ డాక్టర్, హనుమకొండ:

ఫార్మసిస్టు గారి మాట సబబే, ఆడిట్ తర్వాతే పెట్టండి.

మోనోఫిలమెంట్ కోసం ఆగొద్దు, మీ చూపుడు వేలు చాలు. ఇప్స్‌విచ్ టచ్ టెస్ట్ అంటారు. పేషెంట్‌ను కళ్లు మూసుకోమని, ఒక్కో కాలికి బొటనవేలు, మధ్యవేలు, చిటికెన వేలు కొసలను మెత్తగా ఒకటి రెండు సెకన్లు ముట్టండి. నొక్కొద్దు, తట్టొద్దు, తెలియలేదంటే రెండోసారి ముట్టొద్దు. ముట్టింది తెలియగానే కుడి, ఎడమ అని చెప్పమనండి. ఆరింట్లో రెండు గానీ అంతకంటే ఎక్కువ గానీ తెలియలేదంటే ఆ కాళ్లకు స్పర్శ తగ్గినట్టు లెక్క, ఎంఓకు చూపించి కార్డు మీద రాయండి. ఆశాలతో ముందు ఒకరి కాళ్ల మీద ఒకరికి చేయించండి, చాలామంది నొక్కేస్తారు.

నాట్ల రోజుల్లో మాత్రం ముట్టడంతో ఆపకండి. వేళ్ల సందులు విడదీసి చూడండి, బురదలో నాని పగిలి ఉంటాయి, వాళ్లకు నొప్పి తెలియదు. పుండు నల్లబడినా, వాసన వచ్చినా, పాదం ఎర్రగా వాచి వేడిగా ఉన్నా రేపటిదాకా ఆగొద్దు, ఎంఓకు ఫోన్ చేసి అదే రోజు వరంగల్ ఎంజీఎం ఆసుపత్రికి పంపండి.